నాలుగున్నర స్టార్లు

మా బావమరిది కార్ల పత్రిక పెడుతున్నాడని మా ఆవిడ చెప్పినప్పుడు నేను కాఫీ తాగుతున్నాను. తాగడం ఆపలేదు. అంతకుముందు వాడు ఈము పక్షులు పెంచాడు. తిన్నంత కాలం తిని, కొనే నాథుడు లేక, ఆ పక్షులు చివరికి ఎటు పోయాయో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ అడగరు. ఈములను చూసిన కళ్లకు పత్రిక ఒక లెక్కా!

ఆదివారం పొద్దున్నే డమ్మీ కాపీ చంకన పెట్టుకుని దిగాడు. 64 పేజీలు, అంటే నాలుగు ఫారాలు, మొత్తం ఆర్ట్ పేపరే. అట్ట మీద ఎర్ర కారు, కారు వెనక మంచు, మంచు వెనక ఏ జిల్లాకూ చెందని కొండ. అడుగున పెద్దక్షరాల్లో, ‘నిర్భయంగా, నిష్పాక్షికంగా, కార్ల ప్రేమికుల కోసం.’

“ఎలా ఉంది బావగారూ?”

“నిగనిగలాడుతోంది. ఇంతకీ కార్ల ప్రేమికులంటే ఎవరోయ్?”

“మనవాళ్లే. తెలుగోడికి కారంటే ప్రాణం కదండీ.”

కాదనలేను. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు పెడితే చప్పుడు చేయని కార్లను చూడ్డానికి కూడా జనం టిక్కెట్లు కొన్నారు. చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు ఝూమర్ల కింద ఎంతసేపు నిలబడతారో గానీ, నిజాం గారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ దగ్గర మాత్రం ఫోటో దిగకుండా కదలరు. పెనుకొండ దగ్గర కొరియా వాళ్లు 2019 నుంచి కార్లు తయారు చేస్తున్నారు. ప్రేమకు లోటు లేదు. కానీ కారును ప్రేమించడం వేరు, కారు గురించి డబ్బిచ్చి చదవడం వేరు. మనవాడు కారు కొనేముందు ముగ్గురినే అడుగుతాడు. ఇంజను సంగతి మెకానిక్‌ని, అమ్మితే ఎంతొస్తుందో మేనమామని, ఏ రంగు కలిసొస్తుందో పంతులుగారిని. ఈ ముగ్గురిలో ఎవరికీ చందా కట్టే పని లేదు. ముగ్గురినీ కలిపి అడిగే ప్రశ్న ఇంకొకటుంది: “ఎంతిస్తుంది?” ఆ ఒక్క అంకె కోసం 64 పేజీలు తిప్పేవాడు లేడు. మారుతి వాళ్లకు ఈ సంగతి తెలుసు కనకే ‘కిత్నా దేతీ హై’ అన్న మూడు మాటల మీద యాడ్లన్నీ నడిపేశారు.

నిజం చెప్పొద్దూ, ఆ పిచ్చి నాకూ ఉంది. మా అటక మీద రెండు అట్టపెట్టెల నిండా పాత కార్ల పత్రికలున్నాయి. అందులోని కార్లలో ఒక్కటి కూడా నేను కొనలేదు, కొనబోను. అందుకే వీడి మీద జాలి, దాని పక్కనే కాస్త అసూయ.

కార్ల పత్రిక అనేది పుట్టుకలోనే విచిత్రమైన సరుకు. బ్రిటన్‌లో ‘ఆటోకార్’ 1895 నవంబరులో మొదలైంది. అప్పటికి ఆ దేశంలో కార్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఉన్న ఆ నాలుగు బండ్లూ ఊళ్లో గంటకు 2 మైళ్లు, ఊరి బయట 4 మైళ్లు దాటకూడదని చట్టం. అంటే పత్రిక పంచే కుర్రాడు నడిచి వెళ్లినా కారు కంటే ముందే ఇల్లు చేరతాడు. మన దగ్గర అంబాసిడర్, పద్మినిల రోజుల్లో పత్రిక పెట్టి ఉంటే ఈ నెల ‘అంబాసిడరా, పద్మినా?’ అని రాసి, వచ్చే నెల ‘పద్మినా, అంబాసిడరా?’ అని రాసుకోవాల్సి వచ్చేది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చి ఆ జంటను విడగొట్టింది. ఇంగ్లిష్‌లో ‘ఓవర్‌డ్రైవ్’ 1998లో, ‘ఆటోకార్ ఇండియా’ 1999లో వచ్చేసరికి పోల్చడానికి నాలుగు బండ్లు దొరికాయి.

మా వాడు ఇదంతా వినలేదు. ఏ పేరు పెట్టబోయినా అప్పటికే ఎవరో నమోదు చేసుకుని కూర్చున్నారన్న కోపంలో ఉన్నాడు. ‘రథం’ లేదు, ‘చక్రం’ లేదు, ‘వేగం’ ఎప్పుడో పోయింది. పత్రికల నమోదుకున్న 1867 నాటి చట్టం తీసేసి 2023లో కొత్త చట్టం తెచ్చారు, 2024 మార్చి నుంచి అది అమల్లో ఉంది, అంతా ఆన్‌లైన్. ఆన్‌లైన్లోనూ ‘వేగం’ దొరకలేదు. కాగితం సంగతి ఎత్తితే ఏడుపు ముఖం పెట్టాడు. 2019 బడ్జెట్లో న్యూస్‌ప్రింటుతో పాటు పత్రికలు వాడే నున్నటి కోటెడ్ కాగితం మీద కూడా 10 శాతం దిగుమతి సుంకం వేశారు. పత్రికలు గగ్గోలు పెడితే మరుసటి ఏడాది దాన్ని 5కి దించారు. కార్ల పత్రికను ముతక కాగితం మీద వేద్దామంటే కుదరదు. పెయింటు మెరవని కారును ప్రేమికుడు కారనే అనుకోడు.

“మరి ఖర్చు ఎలా గిట్టుతుంది?”

“యాడ్లు.”

“ఎవరిస్తారు?”

“కార్ల కంపెనీలు.”

“పరీక్షించేది ఎవరి కార్లు?”

“కార్ల కంపెనీలవే.”

“నీకెలా వస్తాయి?”

“వాళ్లే పంపిస్తారు. డ్రైవరుతో సహా.”

“పెట్రోలు?”

“ట్యాంకు నింపే పంపిస్తారు.”

“మరి నిర్భయంగా అంటే?”

“నాకేం భయం బావగారూ, అన్నీ వాళ్లే చూసుకుంటుంటే!”

ఆ జవాబుకు నా దగ్గర ఎదురు ప్రశ్న లేదు. పెళ్లిలో అప్పడం మెత్తబడిందని అనగలిగే హక్కు మగపెళ్లివారిది. పాఠకుడు సంపాదకుణ్ని మగపెళ్లివారి తరఫు పెద్దమనిషి అనుకుని డబ్బిచ్చి పంపిస్తే, ఆయన అక్కడికి వెళ్లి ఆడపెళ్లివారితో కలిసి పన్నీరు చల్లుతుంటాడు.

ఆ పన్నీరు భాష వేరు. దాన్ని చదవడం నేర్చుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. ‘ఇంజను కాస్త స్పోర్టీగా వినిపిస్తుంది’ అంటే లోపల కూర్చున్న భార్యాభర్తలు సైగలతో మాట్లాడుకోవాలి. ‘వెనక సీటు ఇద్దరికి బహు విశాలం’ అంటే మూడోవాడు ఆటోలో రావాలి. ‘సస్పెన్షన్ కాస్త గట్టివైపు మొగ్గు చూపుతుంది’ అంటే కోఠి గుంతల్లో పడితే వెన్నెముక ఎన్ని పూసలో లెక్క తేలుతుంది. ‘నగర వాహనం’ అంటే శ్రీశైలం ఘాట్ ఎక్కదు. ఇంత తంటా ఎందుకు? మా వీధి మెకానిక్ ఒక్క రౌండు కొట్టొచ్చి, “లాగుడు లేదు సార్, ఎత్తు మీద ఊపిరి తీస్తది” అంటాడు. ఏడు మాటలు, అందులో ఒకటి మర్యాద. వాణ్ని సంపాదకుణ్ని చేస్తే రెండో నెలకు పత్రికలో బ్యాటరీ నీళ్ల యాడ్ కూడా మిగలదు.

కొత్త కారు వస్తే పత్రికల వాళ్లందరినీ ఒక్కచోటికి పిలుస్తారు. ఎక్కడికి? ఆ కారు కొనేవాళ్లు రోజూ తిరిగే మలక్‌పేట వంతెన కిందికి కాదు. సరస్సు పక్కన కోట, కోటలో హోటలు, హోటలు ముందు గుంత అనేది ఎరగని రోడ్డు. పొద్దున డ్రైవింగు, రాత్రి విందు. ఫలానా రోజు ఫలానా గంట దాకా ఎవరూ ఏమీ రాయకూడదని ఒట్టు. ఆ గంట కొట్టగానే అందరి కలాల్లోంచీ ఒకే వాక్యం దూకుతుంది. చివర స్టార్లు. మా వాడి డమ్మీలో ఐదు కార్లుంటే ఐదింటికీ నాలుగున్నర. మిగతా అర ఎందుకు కోశావంటే, “పూర్తిగా ఇస్తే నమ్మరు బావగారూ” అన్నాడు. పత్రిక మొత్తంలో నిష్పాక్షికత అన్నది ఆ అర స్టారే.

ఇది మన గడ్డ మీద పుట్టిన జబ్బు కాదు. అమెరికాలో 1964 మార్చి సంచిక ముఖచిత్రం మీద ‘కార్ అండ్ డ్రైవర్’ ఒక మహా సంగ్రామం వేసింది. పాంటియాక్ జీటీఓకూ ఫెరారీ జీటీఓకూ పోటీ. పాంటియాక్ సున్నా నుంచి 60 మైళ్ల వేగం 4.6 సెకన్లలో అందుకుందని రాశారు. పత్రిక పేరు మారుమోగింది. పోటీ జరిగిందా అంటే, ఫెరారీ వాళ్లకు దొరకనే లేదు. అట్ట మీద పరిగెడుతున్నది గీసిన బొమ్మ. దొరికిన పాంటియాక్ అయినా నిజందా అంటే, మూడు దశాబ్దాలు దాటాక ఆ కంపెనీ ప్రచారం చూసిన జిమ్ వాంగర్స్ అసలు ముచ్చట చెప్పాడు. షోరూంలో అమ్మే బండిలో ఉండేది 389 ఘనపుటంగుళాల ఇంజను, పత్రికకు పంపిన బండిలో పెట్టింది 421 ఘనపుటంగుళాలది. పెళ్లిచూపుల్లో అన్నను కూర్చోబెట్టి పీటల మీద తమ్ముణ్ని కూర్చోబెట్టడం మన దగ్గరే అనుకున్నాను.

మరి నిజం రాస్తే ఏమవుతుంది? అదే పాంటియాక్ చెబుతుంది. 2005లో ‘లాస్ ఏంజెలెస్ టైమ్స్’లో డాన్ నీల్ అనే ఆయన, అంతకుముందు ఏడాదే విమర్శకు పులిట్జర్ అందుకున్నవాడు, పాంటియాక్ జీ6 గురించీ దాన్ని చేసిన జనరల్ మోటార్స్ పెద్దల గురించీ మొహమాటం లేకుండా రాశాడు. కంపెనీ ఆ పత్రికకు యాడ్లు ఆపేసింది. కొన్ని నెలల తర్వాత మళ్లీ ఇచ్చిందనుకోండి. అది రోజూ లక్షల కాపీలు పోయే దినపత్రిక కనక తట్టుకుంది. మా బావమరిదికి ఒక్క నెల బ్యాక్ కవర్ ఖాళీ పడితే ప్రెస్సువాడు ప్లేట్లు ఆపేస్తాడు. అన్నట్టు, ఆ పాంటియాక్ అనే పేరునే జనరల్ మోటార్స్ 2010కల్లా మూసేసింది. పొగిడిన పత్రికా తిట్టిన పత్రికా మిగిలాయి, కారే పోయింది.

మన స్టార్ల బండారం బయటపడింది 2014 జనవరిలో. కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు మన దగ్గర బాగా అమ్ముడుపోయే ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలోల్లో ఎయిర్‌బ్యాగులు లేని చౌక రకాలను తీసుకెళ్లి గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించారు. పెద్దవాళ్ల రక్షణకు ఐదింటికీ వచ్చినవి సున్నా స్టార్లు. ఆనాటిదాకా మనం చదివిన పేజీల్లో ఆ చిన్నకార్లకు డాష్‌బోర్డు రంగుకో స్టారు, కప్పు పెట్టుకునే గుంటకో స్టారు. గుద్దుకుంటే ఏమవుతుందన్న గడి లేదు. ఎలా ఉంటుంది? అరువు తెచ్చిన కారును గోడకు గుద్దలేరు, సాయంత్రం తిరిగివ్వాలి కదా. స్వదేశీ పరీక్ష, భారత్ ఎన్‌క్యాప్, మొదలవడానికి 2023 అక్టోబరు దాకా ఆగాం.

“అమెరికాలో ‘కన్స్యూమర్ రిపోర్ట్స్’ అని 1936 నుంచీ ఉంది, యాడ్లు తీసుకోదు, కార్లు తన డబ్బుతో మామూలు కొనుగోలుదారులా కొని పరీక్షిస్తుంది” అని చెప్పాను. మా వాడు చాలా ఆసక్తిగా విన్నాడు. “కొన్నాక ఆ కార్లేం చేస్తారు బావగారూ?” అన్నాడు. పరీక్ష అయ్యాక అమ్మేస్తారన్నాను. వాడి కళ్లు మెరిశాయి. మరుసటి వారం సెకండ్ హ్యాండ్ కార్ల దుకాణం ఆలోచన కూడా చెప్పాడు.

పత్రికలు మూతపడితే అందరూ ఫోను మీద పడతారు. 2019 డిసెంబరులో అమెరికాలో టెన్ పబ్లిషింగ్ అనే సంస్థ తన 22 కార్ల పత్రికల్లో 19 అచ్చు ఆపేస్తున్నానంది. విసుగు పుట్టించే కార్లు మాకొద్దంటూ 1986లో మొదలైన ‘ఆటోమొబైల్’ కూడా అందులో కొట్టుకుపోయింది. జనం తెర మీద చూస్తున్నారు, కాగితం కాలం చెల్లింది అన్నారు. కొంత నిజమే. కానీ షోరూంకు వెళ్తే కూల్ డ్రింకు ఇచ్చి మరీ చేతిలో పెట్టే బ్రోచరునే, కుట్టి, వెల వేసి, స్టాండులో పెడితే ఎవడు కొంటాడు? కాగితం చచ్చింది కనక పొగడ్త మిగిలిందో, పొగడ్త పెరిగింది కనక కాగితం చచ్చిందో సంపాదకులు ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించే పేజీలో టైర్ల యాడ్ ఉండిపోయింది.

మా వాడి పత్రిక ఆరు నెలలు నడిచింది. పాఠకులు లేరని అనలేను. మా సెలూన్‌లో ఒక్క కాపీని ఆరు నెలలూ జనం తిరగేశారు, చివరికి అట్ట పోయి ఎర్ర కారు బానెట్ మాత్రం మిగిలింది. ఏజెంట్లు మొదటి నెల డబ్బు తర్వాతిస్తామన్నారు, రెండో నెల కాపీలు తిరిగిచ్చారు, మూడో నెల ఫోను ఎత్తలేదు. యాడ్ ఇస్తానన్న కంపెనీ మనిషి, “మీ రివ్యూ చాలా బాగుంది సార్, దాన్నే మా యాడ్‌గా వాడుకుంటాం” అని, విడిగా యాడ్ ఎందుకులెమ్మన్నాడట.

మిగిలిన కట్టలు మా పోర్టికోలో చేరాయి. బజ్జీల బండికి ఇద్దామంటే ఆయన పేజీ నలిపి చూసి వద్దన్నాడు, ఆర్ట్ పేపరు నూనె పీల్చదు. చివరికి పాత కాగితాలు కొనే మనిషి ట్రాలీ ఆటో వేసుకొచ్చాడు. న్యూస్‌పేపరుకు ఒక రేటు, ఈ నున్న కాగితానికి అంతకంటే తక్కువ రేటు అన్నాడు. కట్ట విప్పి ఒక కాపీ తీసి, అట్ట మీది కారు వంక తల పక్కకు వంచి చూశాడు. తలుపు మూలన నిలబడ్డ మా బావమరిదికి ఆరు నెలల్లో ఎదురుపడ్డ మొదటి సిసలైన పాఠకుడు.

“సార్, గీ బండి ఎంతిస్తది?”

మా వాడు ఉత్సాహంగా ముందుకొచ్చి కంపెనీ చెప్పిన అంకె చెప్పాడు.

ఆయన పకపకా నవ్వి, కాపీని మళ్లీ కట్టలో పెట్టి, తూకం రాయి వేశాడు.