కార్డుగారి మర్యాదలు

మా ఇంట్లో, హాల్లో, మామూలు కంప్యూటర్ ఒకటుంది. మీట నొక్కితే వెలుగుతుంది, బొమ్మ వస్తుంది, మా అమ్మాయి హోంవర్కు ప్రింటు తీసుకుంటుంది. అందుకే దాని మీద నాకు ఏ మాత్రం ఆసక్తి లేదు. నా ప్రాణమంతా బాల్కనీ పక్క గదిలో ఉన్న రెండోదాని మీద. అందులో హైకూ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది.

హైకూ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నా ముఖం వెలిగిపోతుంది. అడిగినవాళ్ల ముఖం కాసేపట్లో ఆరిపోతుంది. ఆపిల్‌లో పెద్ద పదవి చేసి బయటికొచ్చిన జాన్ లూయీ గాసే పెట్టిన కంపెనీ, తొంభైల్లో బీఓఎస్ అనే సిస్టమ్ తయారు చేసింది. 2001లో ఆ కంపెనీ ఆస్తులు పామ్ చేతికి పోయాయి. అభిమానులు ఊరుకోలేదు, అదే ఏడాది దాన్ని మళ్లీ మొదటి నుంచి రాయడానికి కూర్చున్నారు. మొదటి బీటా 2018 సెప్టెంబరులో వచ్చింది. "పదిహేడేళ్లా! ఈ లెక్కన మన వంటింటి కుళాయి నయం" అంది మా ఆవిడ. దాన్ని బాగుచేయిస్తానని నేను మాటిచ్చి ఇంకా అంతకాలం కాలేదు మరి.

ఇలాంటి సిస్టమ్‌కి గ్రాఫిక్స్ కార్డుల కంపెనీలు డ్రైవర్ రాసివ్వవు. ఎవరో మహానుభావుడు ఉద్యోగం నుంచి ఇంటికొచ్చి, అన్నం తిని, తన దగ్గరున్న కార్డు కోసం తనే రాసుకుంటాడు. నా కార్డు ఆయన కార్డుకి దగ్గర చుట్టమైతే నాకూ బొమ్మ వస్తుంది. ఆయన ఇంట్లో కుళాయి సంగతేమిటో నేనెప్పుడూ అడగలేదు.

ఏ కార్డుతోనైనా నెట్టుకొచ్చే మొక్కుబడి డ్రైవర్ కూడా ఉంది. దాంతో హాయిగా బతికేయొచ్చు. కాకపోతే ఇచ్చిన రెజల్యూషన్‌నే కళ్లకద్దుకోవాలి, రెండో మానిటర్ ఊసెత్తకూడదు. ఉన్నదాంతో సర్దుకునే గుణం నాకుంటే ఈ వ్యాసమే ఉండేది కాదు. సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి ఒక పాత రేడియాన్ కార్డు పట్టుకొచ్చాను. రేడియానే ఎందుకంటే, 2007 నుంచి ఏఎమ్‌డీ తన కార్డుల లోపలి వివరాలు బయటపెడుతూ వచ్చింది, వాటి ఆధారంగా హైకూకి రేడియాన్ హెచ్‌డీ డ్రైవర్ రాశారు. అది చేసే పని తక్కువదేం కాదు. కార్డు బయోస్‌లో ఉన్న ఆదేశాలను ఒక్కొక్కటే నడిపించాలి. మానిటర్ 128 బైట్లలో చెప్పుకునే వివరాలు చదవాలి. ఏ కేబుల్‌లోంచి ఎంత వేగంతో చుక్కలు పంపాలో తేల్చాలి. ఇందులో ఒక్క అంకె తేడా వచ్చినా స్క్రీన్ నల్లబడుతుంది.

నాకు నల్లబడింది. హైకూ లేచేటప్పుడు తెర మధ్య బొమ్మలు వరసగా ఒక్కొక్కటే వెలుగుతాయి, చివరిది రాకెట్. సరిగ్గా రాకెట్ వెలగగానే అంతా చీకటి. "రాకెట్ ఎగిరిపోయినట్టుందండీ" అని వెనక నుంచి మా ఆవిడ. షిఫ్ట్ నొక్కి పట్టుకుని మొక్కుబడి డ్రైవర్‌తో లేపడం, లాగ్ చదవడం, కేబుల్ మార్చడం, మళ్లీ చీకటి. సంక్రాంతి సెలవులు అలా గడిచాయి. అందరూ గాలిపటాల కోసం ఆకాశంలోకి చూస్తుంటే నేను కార్డు వెనకున్న కన్నాల్లోకి చూస్తున్నాను.

చివరికి డీవీఐ కేబుల్‌కి కరుణ కలిగింది. నిండు తెర బొమ్మ వచ్చింది! ఇంటిల్లిపాదినీ కేకేశాను. మా ఆవిడ చూసి, "హాల్లోదాంట్లో కూడా ఇలాగే ఉంటుంది కదా?" అంది. ఇలా కాదని టీపాట్ డెమో పెట్టాను. తెర మీద ఒక టీ కెటిల్ గిరగిరా తిరుగుతుంది, సెకనుకి ఎన్ని ఫ్రేములో మూలన అంకె పడుతుంది. పండక్కొచ్చిన మా అత్తగారు కాసేపు శ్రద్ధగా చూసి, "టీ ఎప్పటికి దిగుతుంది అల్లుడుగారూ?" అన్నారు.

ఆ కెటిల్ మామూలుది కాదని చెప్పాను. 1975లో అమెరికాలో యూటా యూనివర్సిటీలో మార్టిన్ న్యూవెల్ అనే ఆయన కంప్యూటర్‌లోకి ఎక్కించాడు, ఏ వస్తువు బొమ్మ గీయాలా అని ఆయన ఆలోచిస్తుంటే, మన టీ సామాను ఉందిగా అన్నది ఆయన భార్యే, అన్నాను. "చూశావా అమ్మా, ఆయన పెళ్లాం మాట విన్నాడు" అంది మా ఆవిడ.

అంతటితో లేచిపోయి ఉంటే పరువు దక్కేది. అత్తగారు కార్డు వైపు చూపించి, "అయితే దీన్ని ఇది తిప్పుతోందన్నమాట" అన్నారు. నేను నిజం చెప్పే రకం. లేదండీ, ఈ డ్రైవర్‌కి త్రీడీ రాదు, కెటిల్‌ని తిప్పేది ప్రాసెసరే, కిటికీలూ అక్షరాలూ గీసేదీ అదే, కార్డు వాటిని మానిటర్‌కి అందిస్తుందంతే, అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. కరెంటు తింటుంది, సొంత ఫ్యాను వేయించుకుంటుంది, పనంతా ఇంట్లో ఇంకెవరో చేస్తారు. ఇలాంటివాణ్ని ఆవిడ చాలాకాలంగా ఎరుగుదురు. పండక్కి బట్టలు కూడా పెడుతున్నారు.

ఇప్పుడు పరిస్థితి మారింది. 2022 మేలో ఎన్‌విడియా తన లినక్స్ డ్రైవర్‌లో కెర్నల్ భాగం సోర్స్ కోడ్ బయటపెట్టింది. ఒక ఔత్సాహికుడు దాన్ని హైకూకి తెచ్చి, త్రీడీ పని కార్డు చేతే చేయిస్తున్నాడు. కాకపోతే ట్యూరింగ్ తరం, ఆపైన వచ్చిన కార్డులు కావాలి. నిన్న రాత్రి భోజనాలయ్యాక మా ఆవిడ దగ్గర విషయం కదిపాను.

"దాంట్లో తిరిగేదీ ఆ కెటిలేనా?" అంది.

"అదేలే. కానీ చాలా వేగంగా తిరుగుతుంది."

"ముందు ప్లంబర్‌కి ఫోన్ చేయండి."