యాభై గంటల ఆవు వ్యాసం

టీచరు ఏడాదికి కనీసం యాభై గంటలు వృత్తిలో ఎదగాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. మంచి మాటే. ఎదిగారో లేదో చూడటం కష్టం, గంటలు లెక్కపెట్టడం సులువు. సులువైన పనే ముందు మొదలైంది. సోషల్ మాస్టారు దీక్ష యాప్‌లో వీడియో పెట్టి, ఫోను చార్జింగుకు తగిలించి, పక్కన జవాబు పత్రాలు దిద్దుకుంటూ ఎదుగుతున్నారు. క్విజ్జు జవాబులు వాట్సాప్‌లో ముందే వచ్చి ఉంటాయి. సర్టిఫికెట్టు దిగగానే ఎదుగుదల పూర్తి.

ముఖాముఖి శిక్షణ ఇంకో వైభవం. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మేడంగారు చప్పట్లు కొట్టి తనకిష్టమైన పక్షి పేరు చెప్పాలి. ఆపైన అభ్యసన ఫలితాలు, బ్లూమ్స్ టాక్సానమీ, లెసన్ ప్లాను గళ్లు, ప్యానెల్ బోర్డు ఆన్ చేసే విధానం. చరిత్ర? ఆ ఒక్కటీ అడక్కు. ఆవు వ్యాసం మాత్రమే బట్టీపట్టినవాడు కొబ్బరిచెట్టు మీద రాయమంటే ఆ చెట్టుకు ఆవును కట్టేసినట్టు, సబ్జెక్టు ఏదైనా శిక్షణ మాత్రం ఒక్కటే. పాపం, రిసోర్సు పర్సన్‌ని అని లాభం లేదు. ఆయనకూ ఆ పీపీటీ నిన్న రాత్రే వచ్చి ఉంటుంది.

ఆవు దగ్గరే ఉందామన్నా పుంగనూరులో బోలెడు చరిత్ర దొరుకుతుంది. పాళెగాళ్ల సంస్థానం ఏలిన ఊరి పేరు ఒక పొట్టి ఆవు జాతికి ఎలా అంటుకుంది? సంకర జాతుల మోజులో కనుమరుగయ్యే దాకా వచ్చిన ఆ ఆవు, 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి చేతి మేత తిని ఫోటోలకెక్కే దాకా ఏం జరిగింది? ఇదంతా వ్యవసాయ చరిత్రే. కానీ దీనికి లెర్నింగ్ అవుట్‌కమ్ నంబరు ఏది?

మదనపల్లె సంగతి మరీ విడ్డూరం. 2024-25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి. చరిత్రలో మొదటి పాఠం ఐరోపాలో జాతీయవాదం. 1801లో ఐర్లండును బలవంతంగా బ్రిటన్‌లో కలిపేశారని అందులో నాలుగు ముక్కలు ఉంటాయి. పిల్లలు దాన్ని బిట్టుగా నేర్చుకుంటారు. ఆ ఐర్లండు మనుషులు ఇదే ఊళ్లో కాపురం చేశారు! ఐర్లండులో 1916 ఈస్టర్ తిరుగుబాటును మెచ్చుకుంటూ రాసి, అనీబిసెంట్ నడిపే న్యూ ఇండియా పత్రికలో కొలువు పోగొట్టుకున్న జేమ్స్ కజిన్స్ ఇక్కడి బిసెంట్ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యాడు. ఆడవాళ్ల ఓటు కోసం జైలుకెళ్లొచ్చిన ఆయన భార్య మార్గరెట్, 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు ఇక్కడికొచ్చి పాడిన జనగణమనకు స్వరాలు కాగితం మీద పెట్టింది. రవీంద్రుడు ఆ గీతాన్ని ఇంగ్లీషులో రాసిందీ ఇక్కడే. పిల్లలు రోజూ ప్రార్థనలో ఆ పాట పాడి, క్లాసుకెళ్లి ఐర్లండు ఎక్కడుందో ప్యానెల్ బోర్డు మీద వెతుక్కుంటారు.

కుప్పానికి పోదాం. ఒక బెంచీ మీద తెలుగు, తమిళం, కన్నడం ఇళ్లలో మాట్లాడే పిల్లలు కూర్చునే ఊరది. అక్కడ మాస్టారు 1815లో వియన్నాలో రాజులు కూర్చుని ఐరోపా పటాన్ని ఎలా పంచుకున్నారో చెబుతారు. ఈ ఊళ్ల జిల్లా పటమూ అలాగే మారుతూ వచ్చింది. 1911లో ఉత్తర ఆర్కాటు నుంచి, కడప నుంచి ముక్కలు తెచ్చి చిత్తూరు జిల్లాను అతికారు. 1960లో తిరుత్తణిని మద్రాసుకిచ్చి సత్యవేడు వైపు ఊళ్లు తీసుకున్నారు. 2022లో మదనపల్లె అన్నమయ్య జిల్లాకు పోయింది. గీత మారితే ఇల్లు ఏమవుతుందో, బడి భాష ఏమవుతుందో ఆ పిల్లల అవ్వాతాతలను అడిగితే వియన్నా దానంతటదే అర్థమవుతుంది. అడిగించే మాస్టార్లు లేకపోలేదు. కాకపోతే వాళ్ల పనికి ఫార్మాట్‌లో గడి లేదు కనుక, ఆ వారం వాళ్లు సిలబస్‌లో వెనకబడ్డట్టు నమోదవుతుంది.

ఒక చిన్న విన్నపం. యాభైలో ఆరు గంటలు చాలు. ఈ మూడు ఊళ్ల సోషల్ టీచర్లను ఒక బస్సులో మదనపల్లె కాలేజీ దాకా తీసుకెళ్లి, ఆ స్వరాల కథ చెప్పించి, మధ్యాహ్నం తలా ఒక పాఠం రాయించండి. చప్పట్లు, పక్షులు అక్కర్లేదు. బస్సు బాడుగ ఏ పద్దు కింద రాయాలని ఆఫీసులో అడుగుతారు, తెలుసు. 'శిక్షణకు స్వాగతం' ఫ్లెక్సీని ఏ పద్దు కింద కట్టారో దాని కిందే రాయండి.