నీలిపెట్టె పద్యమునకు టీకాతాత్పర్యములు

అవతారిక: ఆంగ్లదేశమున బీబీసీ వారు 1963 నవంబరు 23వ తేదీ శనివారము సాయంకాలమున ప్రారంభించి, 1989లో చాలించి, నడుమ 1996లో ఒక్క చిత్రముతో ప్రాణము పోయజూచి, 2005 మార్చి 26న మరల ప్రసారమునకు తెచ్చిన ‘డాక్టర్ హూ’ అను ధారావాహిక యొకటి కలదు. అందలి కథానాయకుడు, పేరు చెప్పనివాడు, వయస్సు శతాబ్దములలో చెప్పువాడు, మరణము ముంచుకొని వచ్చినపుడు దేహము మార్చుకొని వేఱొక నటుడుగా లేచి కూర్చుండువాడు, పోలీసుపెట్టె యాకారముగల కాలయంత్రములో లోకములను యుగములను చుట్టి వచ్చుచుండును. ప్రథమప్రసారమునకు ముందునాడే అమెరికా అధ్యక్షుడు కెనడీ హతుడగుటచే జనుల మనస్సులు వేఱొకచోట నుండెను. అందుచే మరుసటి శనివారము మొదటి భాగమును మరల చూపి, ఆ వెంటనే రెండవదానిని చూపిరి. ఆ తొలికథకు దర్శకత్వము వహించిన వారిస్ హుస్సేన్ లక్నోలో పుట్టినవాడు కావున, ఈ గ్రంథము మనకు బొత్తిగా పరాయిది గాదని నా మనవి.

బాపట్లకు చదువునకై పోవుచు, రేపల్లెకు ఇంటికి వచ్చుచు, నడుమ తెనాలిలో బండి మారుచు తిరుగు పిల్లలు దీనిని చేతిఫోనులలో చూచి తమలో తాము నవ్వుకొనుచుండగా, ప్రక్కనున్న పెద్దలు “ఏమిరా అబ్బాయీ, ఆ పిచ్చినవ్వు?” అని యడిగినచో, వారు తెరను త్రిప్పి చూపునది ఉంగరాలజుట్టు గల యొక పొడుగుపాటి మనిషి, వానికంటె పొడుగైన మెడపట్టీ, ఆయుధము నెక్కుపెట్టిన శత్రువు, ఆ శత్రువు ముక్కు క్రిందికి చాచిన మిఠాయిసంచి. పెద్దలు చూతురు, నవ్వరు, ఫోను తిరిగి యిచ్చివేయుదురు. అట్టి పెద్దల హితార్థమై ఈ వ్యాఖ్యాత తానే యొక ఆటవెలది చెప్పి, తానే దానికి టీక వ్రాయ బూనుకొన్నాడు. మూలకర్తయు టీకాకర్తయు ఒక్కడే యైనచో అభిప్రాయభేదమునకు తావుండదని తలచువారు, ఒక్కనాడైనను తమతో తాము వాదులాడి ఓడిపోనివారై యుందురు.

మూలము:

నీలిపెట్టె నుండి నిక్కి చూచి దిగుచుఁ
జంప వచ్చువాని సరసఁ జేరి
తినుట కింత తీపి తీసి యిచ్చినవాఁడు
వెఱ్ఱివాఁడొ లేక వేత్త యొక్కొ

ప్రతిపదార్థము: నీలిపెట్టె నుండి = ఒకప్పుడు ఆంగ్లదేశపు వీథులలో పౌరులు పోలీసులను పిలుచుకొనుటకై నిలిపిన నీలవర్ణపు పెట్టెను పోలిన కాలయంత్రము నుండి (చోటునుబట్టి రూపము మార్చుకొను శక్తి దానికి గలదనియు, ఆ యంత్రాంగము చెడుటచే ఈ రూపముననే నిలిచిపోయినదనియు కథ; వారమునకొక క్రొత్త రూపము కట్టించుటకు డబ్బు చాలదనుట యథార్థము); నిక్కి చూచి = తల మాత్రము వెలుపలికి పెట్టి, తాను రాదలచిన చోటు ఇది కాదని గ్రహించి; దిగుచున్ = ఐనను దిగుచు (భట్టిప్రోలు స్తూపమును చూడగోరి ఇట్టి బండి నెక్కినవాడు, 1892లో అలెగ్జాండర్ రే ధాతుకరండములను వెలికితీసిన నాటికి గాక, వానిని లోపల పదిలపఱచుచున్న నాటికే పోయి దిగి, ఊరక నిలువ వీలులేక ఇటుక లందింపవలసి వచ్చును); చంప వచ్చువాని = తన్ను గాని, భూగోళమును గాని, వీలైనచో రెంటిని గాని రూపుమాప వచ్చినవాని; సరసన్ చేరి = ప్రక్కకు పోయి; తినుటకు = భక్షణార్థమై; ఇంత తీపి = శిశువు ఆకారమున పోసిన జెల్లీ బేబీ యను మెత్తని మిఠాయిని; తీసి = కోటుజేబులోని కాగితపుసంచి నుండి తీసి; ఇచ్చినవాడు = పెట్టినవాడు; వెఱ్ఱివాడొ = మతి చలించినవాడో; లేక = కాదేని; వేత్త యొక్కొ = అంతయు నెఱిగినవాడో. చెప్పుడు అని శేషము.

అలంకారము: సందేహము. అన్వయము సుగమము.

తాత్పర్యము: భరతుడు నాట్యశాస్త్రమున వికృతవేషాదులను హాస్యమునకు విభావములుగా చెప్పి, స్మితము మొదలు అతిహసితము వఱకు నవ్వును ఆఱు తెఱగులుగా విభజించి, మొదటి రెంటిని ఉత్తములకును, నడిమి రెంటిని మధ్యములకును, కడపటి రెంటిని అధములకును పంచిపెట్టెను. శనివారము సాయంకాలము ఒక్క గదిలో ఒక్క పెట్టె ముందఱ తాత, తల్లి, ఏడేండ్ల పిల్లవాడు కూర్చుండి ఒక్క కథను చూడవలసి వచ్చినపుడు ఏమి చేయవలెనో ఆ మహర్షి చెప్పలేదు. ఆ పని ఈ ధారావాహికకారులకు మిగిలెను. వారు ఆఱు తెఱగుల నవ్వును ఒక్క కథలోనే పోసి, ఎవరి పాలు వారిని ఏరుకొనుమనిరి. అందువలన ప్రతివానికిని తనది కాని నవ్వు వెకిలిగా తోచుచుండును.

విశేషములు: పద్యములోని నాయకుడు 1974 మొదలు 1981 వఱకు ఆ పాత్రను ధరించిన టామ్ బేకర్ అని గుర్తింపవలయును, ఆ పాత్రలో నాలవవాడు. వాని మెడపట్టీ కథ చిత్రమైనది. వేషాలంకరణ చూచువారు కావలసినదానికంటె మిక్కిలి యెక్కువగా ఊలు పంపగా, అల్లువారు ఎంత అల్లవలెనో అడుగక, వచ్చిన ఊలునంతయు అల్లివేసిరి. నటుడు దానిని నేల జీరాడునట్లుగా కట్టుకొనెను. ఒకరి యజాగ్రత్త మఱియొకరికి కిరీటమగుట నాటకరంగమున అరుదు గాదు.

మిఠాయి సంగతి. 1977లో వచ్చిన ‘ది ఫేస్ ఆఫ్ ఈవిల్’ అను కథలో నాయకుడు అడవిజాతికి చెందిన లీలా యను యువతికి జెల్లీ బేబీని పెట్టబోగా, ఆమె ఆ పేరు విని, దుష్టదేవత శిశుభక్షకుడని తమవారు చెప్పుకొనుమాట నిజమే కదా యని నిశ్చయించుకొనును. అదే కథలో నాయకుడు ఒక యోధుని పట్టుకొని, ఆయుధములు దింపనిచో ప్రాణాంతకమైన ఈ జెల్లీ బేబీతో వీనిని చంపెదనని తక్కినవారిని బెదిరించును. వారు “చంపుకొమ్ము” అనగా, తాను ఒకరి యాజ్ఞలకు లోబడువాడను గానని మాట మార్చును. వెఱ్ఱివాడో వేత్తయో యను సందేహమునకు ఇంతకంటె ప్రమాణము వెదకనక్కఱలేదు. చేత ఆయుధము లేనివాడు ఆయుధము గలవానిని ఒక్క క్షణకాలము ఆలోచనలో పడవేసినాడు. కథ సాగుటకు ఆ క్షణము చాలును.

పూర్వపక్షము: బాపట్ల సంప్రదాయమువారు దీనికి సమ్మతింపరు. 1945 నుండి వ్యవసాయ కళాశాల గల యూరివారగుటచే, మట్టిని పరీక్షింపక విత్తనము మాట యెత్తనివారు. వారి యాక్షేపము: శాస్త్రకల్పన యని పేరు పెట్టుకొని, విశ్వమును జయింప వచ్చిన డాలెక్కను శత్రువునకు చేతిని స్నానశాల తూము బాగుచేయు రబ్బరుగిన్నెతో కల్పించుట యేమి? 1975లో ‘ది ఆర్క్ ఇన్ స్పేస్’ నందు మనుష్యుడు క్రిమిగా మారుటకు, గాజుసామాను చుట్టు బుడగలకాగితమునకు పచ్చరంగు పూసి చేతికి చుట్టుట యేమి? 1984లో సముద్రభూతమును రప్పించి, దాని ముందుకాళ్లలో నొకనిని వెనుకకాళ్లలో నొకనిని నిలిపి నడపించుట యేమి? ఇందు శాస్త్ర మెక్కడ?

సమాధానము: ఆ బాపట్లలోనే 1902లో పుట్టిన స్థానం నరసింహారావు, తెనాలి శ్రీరామవిలాస సభవారి రంగముపై సత్యభామయై నిలిచినపుడు, ఆ నిలిచినది పురుషుడని యెఱుగనివారు సభలో లేరు. ఎఱిగియు మఱచిరి. ఆ మఱపును తెప్పించినది ఆయన విద్య. డాలెక్కు రబ్బరుగిన్నె అట్టి మఱపును తేజాలదు, ఎంత విశ్వవిజేత చేతనున్నను రబ్బరుగిన్నె రబ్బరుగిన్నెయే. అట్టిచోట నాటకకర్తకు మిగిలిన యుపాయ మొక్కటి: ప్రేక్షకుడు నవ్వుటకు ముందే నాయకుడు నవ్వవలెను. 1979లోని ‘డెస్టినీ ఆఫ్ ది డాలెక్స్’ కథలో నాయకుడు తాడుపట్టుకొని పైకప్పులోని కంతలోనికి ఎగబ్రాకి, విశ్వమునకు శ్రేష్ఠజాతి మీరే యైనచో ఎక్కి రండని క్రిందనున్న డాలెక్కును వెక్కిరించును. పదునాఱేండ్లుగా ఇంటింట పిల్లలు అనుచున్న మాటను నాయకుడే యనెను. ఇక పిల్లలకు ఆక్షేపింప మిగిలిన దేమి? (డాలెక్కు 1988లో మెట్లెక్కి దీనికి ప్రత్యుత్తరమిచ్చెను. తొమ్మిదేండ్లు ఆలస్యమైనను, భయము పుట్టించెను.) పేదనాటకము చెల్లించు సుంకము హాస్యము, ముందుగా చెల్లించినవానిని ద్వారమువద్ద ఎవరును ఆపరు.

మఱియొక కారణమును కలదు. 1976 ప్రాంతమున, పిల్లలు చూచుకథలో ఇంత క్రౌర్యమా యని మేరీ వైట్‌హౌస్ మొదలగువారు గట్టిగా అభ్యంతరము చెప్పగా, క్రొత్తగా వచ్చిన నిర్మాత గ్రహమ్ విలియమ్స్‌ను భయానకమును తగ్గింపుమని పైవారు ఆదేశించిరి. భయానకము తొలగిన చోటు ఖాళీగా నుండునా? 1979లో డగ్లస్ ఆడమ్స్ కథాసంపాదకుడై వచ్చి ఆ చోటునంతయు హాస్యముతో నింపెను; కొందఱు పొంగిపొరలినదనిరి. నా యభిప్రాయమున అది పొరలిన మాట నిజము, తడిసినవారు సంతోషించిన మాటయు నిజము.

తెనాలివారి మతము: తెనాలివారు ఈ చర్చను ఆసాంతము విని, ఇందు క్రొత్త యేమున్నదని యడుగుదురు. పాండురంగమాహాత్మ్యమును రచించిన రామకృష్ణకవి గంభీరప్రబంధకర్త. ఆ కవిని జనులు నమస్కరించి అటకమీద పెట్టి, ఆయన పేరిట రామలింగడను కొంటెవానిని కల్పించుకొని నట్టింటికి తెచ్చుకొనిరి. ఆ రామలింగడు తల తీయుమన్న రాజు నెదుట చమత్కారమాడి తల దక్కించుకొనును. కత్తికిని మెడకును నడుమ వాని యొద్ద నున్నది మాట యొక్కటియే. డాక్టరు విషయమునను జరిగినదిదియే. 1963లో విలియం హార్ట్‌నెల్ ధరించిన తొలిడాక్టరు ముక్కోపియగు వృద్ధుడు, పసివారిని గద్దించువాడు. 1966లో దేహము మారి పాట్రిక్ ట్రౌటన్ రాగానే, అదే పండితుడు వదులుపంట్లాము తొడిగి, పిల్లనగ్రోవివంటి వాద్య మూదుచు, వీథిగారడివానివలె ప్రవేశించెను. ప్రేక్షకులు విడువలేదు. నాటినుండి ఆ పాత్రకు ఎవరు వచ్చినను, ఎంత విద్య చూపినను, కొంత వెఱ్ఱి చూపకున్న వానిని ఇంటివాడుగా అంగీకరించుట లేదు. 2010లో వచ్చిన పదునొకండవవాడు చేపముక్కలను తియ్యని పాలగుజ్జులో ముంచుకొని తిని ఆ యంగీకారము సంపాదించెను.

పెట్టెవిషయమునను తెనాలివారు తమ పాలు తాము కోరుదురు. 1957 మార్చిలో విడుదలయైన ‘మాయాబజార్’ చిత్రములో శశిరేఖ మూత తెఱచి అభిమన్యుని చూచుకొన్న ప్రియదర్శిని, ఢిల్లీలో టెలివిజన్ ప్రయోగప్రసారము 1959 సెప్టెంబరులో మొదలగుటకు రెండేండ్లు ముందఱిది. ఆ చిత్రనిర్మాతలలో నొకడైన చక్రపాణి తెనాలి ఐతానగరమువాడు. ఇక కాలయంత్రము. 1991లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’లో దానిని కృష్ణరాయల కాలమునకు తోలగా, ఆ సభలో చంద్రమోహన్ రామలింగడై కూర్చుండి యుండెను. తెలుగువాని కాలయంత్రము వెనుకకు బయలుదేఱినచో మొదట హాస్యగాని కడకు పోయినదని తెనాలివారు వ్రాసిపెట్టుకొన్నారు.

దోషవిచారము: గుణములనే చెప్పి దోషములను దాచు వ్యాఖ్యానము పెండ్లిశుభలేఖ యగును. 2005లో ధారావాహిక మరల మొదలైన తొలికథలోనే చెత్తవేయు డబ్బా ఒక యువకుని మ్రింగి త్రేన్చెను. పిమ్మట కొలది వారములకే స్లిథీను లను గ్రహాంతరవాసులు స్థూలకాయుల చర్మములలో దూరి మంత్రిమండలిలో ప్రవేశించి, నిలిచినచోట నిలువక అపానవాయువును విడుచుచుండిరి. పెద్దశరీరమును చిన్నచర్మమున కుదించుటచే వాయువు వెలువడుచున్నదని కథలో శాస్త్రకారణమును చూపిరి. బాపట్లవారు దీనిని మాత్రము అంగీకరించిరి. నేనంగీకరింపను. ఔచిత్యభంగము శాస్త్రీయమైనంత మాత్రమున ఔచిత్యము గాజాలదు, మొదటిసారి నవ్వు వచ్చిన వాయువు నాలవసారి వాయువుగానే మిగులును. కాని భరతుని విభజనలో కడపటి రెండు నవ్వులకు యజమాని యైన ఏడేండ్ల పిల్లవాడు చాపమీద నున్నాడు. జెల్లీ బేబీ బెదిరింపులోని చమత్కారము వానికి అందలేదు, తాత నవ్వినపుడు వాడు ఊరకుండెను. ఇపుడు తాత ఊరకుండవలసిన వంతు వచ్చినది.

పాఠాంతరము: రేపల్లెవారి ప్రతిలో మూడవ పాదము ‘తినుచు నింత తీపి తీసి యిచ్చినవాఁడు’ అని యున్నది. గణయతులు చెడలేదు, అర్థము మాత్రము మాఱినది. ఇందు నాయకుడు తాను తినుచు ఎదుటివానికి పెట్టుచున్నాడు. ఈ పాఠమునకు వారు చూపు యుక్తి లౌకికమైనది. రాత్రియంతయు నడచి వచ్చు బండి రేపల్లెతో ఆగును. పట్టాలును అచటితో ఆగును. అట్టి బండిలో ప్రయాణములు చేసి ఆఱితేరినవారు, అపరిచితు లిచ్చు తినుబండారములను పుచ్చుకొనరాదని రైల్వేవారు గోడలమీద వ్రాయించిన హెచ్చరికను అక్షరజ్ఞానముతో పాటు నేర్చినవారు. ప్రక్కసీటువాడు బిస్కత్తు చాచినపుడు వాడు ముందుగా నొకటి నోట వేసికొన్నాడా లేదా యని చూతురు. వేసికొనినచో చేయి చాతురు, లేనిచో నిద్ర నటింతురు. నీలిపెట్టెవాడు ఏ లోకమునకు పోయినను అపరిచితుడే. తాను తినక పెట్టినచో, చంప వచ్చువాడు సైతము పుచ్చుకొనడు. సంచిలోనివి నాయకుడు తానును తినుచుండుట ధారావాహికయందు పలుమాఱు కనబడుచున్నది కావున, ఈ పాఠమునకు దృశ్యప్రమాణమును కలదు. బాపట్లవారు పరీక్షింపవలెనని మిఠాయి తెప్పించుకొని, పరీక్షలో అంతయు తినివేసిరట. తెనాలివారు తినుటకును తినుచును రెండును ఉండనిమ్మనిరి. రేపల్లె పాఠమే గ్రాహ్యము. పై మూలములో చదువరులు దిద్దుకొనవలయును.