అంబాసిడర్ వారి దాహం

పాత కారున్నవాడికి స్నేహితులకు కొదవ ఉండదు, సలహాలకు అసలే ఉండదు. మా 1982 నాటి అంబాసిడర్ మార్క్ 4 బానెట్ ఎత్తి ఐదు నిమిషాలు నిలబడితే చాలు, జోల్వా సగం దాని చుట్టూ చేరుతుంది. సూరత్ నుంచి బార్డోలి పోయే దారిలో కడోదరా దాటగానే వచ్చే ఊరు మాది. మగ్గాలు, డైయింగ్ మిల్లులు, వాటి పొగగొట్టాలు, వాటి కింద ఒడిశా వాళ్లు, బిహార్ వాళ్లు, మాలాంటి సిరిసిల్ల వాళ్లు. రేడియేటర్ మీద ఆవిరి లేవగానే ఎవరి ప్రాంతపు వైద్యం వాళ్లకు గుర్తొస్తుంది.

"పాణీ నాఖో", అంటే నీళ్లు పొయ్యి అంటాడు టీ కొట్టు కాకా. ఆయనకు టీ చిక్కబడినా అదే మందు, ఇంజన్ కాగినా అదే మందు. రేడియేటర్ కారుతోందంటే రెండు చెంచాల పసుపు వెయ్యమంటాడు లారీ డ్రైవర్. గుడ్డు సొన అంతకన్నా గట్టిగా పట్టేస్తుందంటాడు ఆయన క్లీనర్. ఆ వైద్యం పనిచెయ్యదని కాదు, మరీ ఎక్కువ పనిచేస్తుంది. చిల్లు పూడ్చిన పసుపే మంచి గొట్టాలను కూడా పూడ్చేస్తుంది. పసుపు, గుడ్డు ఎలాగూ పడ్డాయి కనుక తాలింపు కూడా పెట్టేస్తే రాత్రికి కూర వెతుక్కోనక్కర్లేదు.

నిజానికి ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఇంజన్‌లో పుట్టిన వేడి ఎక్కడికీ పోదు, చేతులు మారుతుందంతే. ఇంజన్ నీళ్లకిస్తుంది, నీళ్లు రేడియేటర్‌కిస్తాయి, రేడియేటర్ గాలికిస్తుంది. సర్కారు ఆఫీసులో ఫైలు లాగా ఎవరి బల్ల మీదా ఆగకుండా తిరిగినంతకాలం అందరూ క్షేమం. చిక్కల్లా మే నెలలోనే. అప్పుడు సూరత్ గాలి "నా దగ్గరే బోలెడుంది, నీది నువ్వే ఉంచుకో" అని ఫైలు వెనక్కి పంపేస్తుంది.

గాలికి వేడిని పంచిపెట్టడంలో ఘనుడు జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ మేబాక్. 1900లో మెర్సిడెస్ 35 హెచ్‌పీ కారు కోసం ఎనిమిది వేలకు పైగా సన్నని గొట్టాలు పేర్చి తేనెపట్టు లాంటి రేడియేటర్ చేశాడు. దాంతో కొన్ని నీళ్లతోనే పెద్ద ఇంజన్‌ను అదుపులో పెట్టడం కుదిరింది. మా బండిది వేరే గోత్రం. ఇంగ్లండ్ చలిలో తిరిగిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ను బెంగాల్‌లోని ఉత్తర్‌పారాకు తెచ్చి, అంబాసిడర్ అని నామకరణం చేసి, 2014 దాకా ఇంచుమించు అదే ఒంటితో నడిపించారు. అలాంటి సీమదొర కడోదరా చౌరస్తాలో, రెండు జాతీయ రహదారుల లారీలన్నీ కలిసి ముడిపడ్డ చోట, మధ్యాహ్నం రెండింటికి ఇరుక్కుంటాడు. ఫ్యాను తిరిగేది ఇంజన్‌కు తగిలించిన బెల్టుతో. బండి ఆగితే ఇంజన్ నెమ్మదిస్తుంది, ఇంజన్ నెమ్మదిస్తే ఫ్యానూ నెమ్మదిస్తుంది. ఉక్కపోసినప్పుడే విసనకర్ర కింద పెట్టేసే సేవకుడన్నమాట.

అలాంటప్పుడు ఒక ఉపాయం ఉంది. చలికాలం కోసం పెట్టిన హీటర్ వేసెయ్యాలి. ఇంజన్ వేడిలో కొంత కారు లోపలికి వచ్చేస్తుంది, వేడి చూపే ముల్లు కిందికి దిగుతుంది. మా బండికి పాత యజమాని ఎవరో పుణ్యాత్ముడు హీటర్ బిగించి పోయాడు. మొన్న ఎండాకాలం సిరిసిల్ల నుంచి మా మామ వస్తే స్టేషన్ నుంచి తీసుకొస్తూ చౌరస్తాలో అదే వేశాను. ముల్లు బుద్ధిగా దిగింది. వెనక సీట్లో మామ తువ్వాలతో మెడ తుడుచుకుంటూ, "అల్లుడా, నీ బండి సల్లగుండాలెనని నన్ను ఉడకబెడ్తున్నవా?" అన్నాడు. శాస్త్రాన్ని ఇంత సూటిగా చెప్పిన పుస్తకం నేను చూడలేదు.

నీళ్ల విషయంలో మా గురువు మిల్లు బాయిలర్ దగ్గర పనిచేసే బావ. "బోరు నీళ్లు పోస్తవా బావా? రేడియేటర్ల సున్నం కొట్టినట్టే" అంటాడు. గట్టి నీళ్లు కాగితే లోపల తెల్లగా పెచ్చు కడుతుంది, ఆ పెచ్చు వేడిని దాటనివ్వదు. అందుకే మిల్లుల్లో నీళ్లను రెజిన్ ట్యాంకుల్లోంచి పోనిచ్చి మెత్తబరిచాకే బాయిలర్‌కు పెడతారు. వాటర్ జెట్ మగ్గాలకూ అలాంటి నీళ్లే కావాలి. యంత్రాలకు ఇంత రాచమర్యాద చేసే ఊళ్లో కారుకు మాత్రం ఏ నల్లా కనిపిస్తే ఆ నల్లా కింద బకెట్ పెడతారు. పోనీ ఆ మిల్లు నీళ్లే తెచ్చుకుందామంటే దానికీ బావ ఒప్పుకోడు. మెత్తబరిచినంత మాత్రాన లవణాలు పోవు, సున్నం బదులు సోడియం వచ్చి కూర్చుంటుంది. చివరికి డిస్టిల్డ్ వాటర్ సగం, కూలెంట్ సగం. కూలెంట్ తుప్పు పట్టనివ్వదు, నీళ్లను నూరు డిగ్రీలు దాటినా మరగనివ్వదు. కాకపోతే అది తియ్యటి విషం. వీధి కుక్కలకు, పిల్లలకు అందకుండా తాళం వెయ్యాల్సిందే.

ఇక వాల్వు, అంటే థర్మోస్టాట్. మెకానిక్ బానెట్ ఎత్తగానే ముందు అనే మాట, "ఇది మన ఎండలకు పనికిరాదు, పీకేద్దాం." పాపం, అది చేసే నేరమల్లా ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకపోవడం. తీసేస్తే ఇంజన్ వేడెక్కడానికి ఆలస్యమవుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపలి భాగాలు త్వరగా అరుగుతాయి. బాగుందో లేదో చూడాలంటే నీళ్లలో ఉడికించాలి. చాయ్ గిన్నెలో నీళ్లు పెట్టి, అడుగు తగలకుండా దారంతో వేలాడదీసి, పక్కనే థర్మామీటర్ పట్టుకున్నాను. డెబ్బై దాటినా ఉలుకూ పలుకూ లేదు. ఎనభై దగ్గర లోపలి మైనం కరిగి ఉబ్బి కాడను తోసింది. రూపాయి బిళ్లంత ఇత్తడి మూత సన్నగా కదిలి, వెంట్రుకవాసి సందిచ్చి, మెల్లగా పైకి లేచింది. చాయ్ గిన్నె పోయిందని తిట్టడానికి వచ్చిన మా ఆవిడ అది చూసి కాసేపు ఆగింది. "పాలు పొంగే ముందు గిట్ల సెప్పేది నా గిన్నెకు ఒకటి పెట్టరాదా?" అంది. గిన్నె మాత్రం కొత్తది కొనిపించింది.

రేడియేటర్ మరీ మొండికేస్తే సూరత్‌లో పనివాడి దగ్గరికి మోసుకుపోతాను. మంటతో టాంకీ టాకా, అంటే టంకం, విప్పి, ఒక్కో గొట్టంలో పలచటి రేకు బద్ద దూర్చి లాగుతాడు. గోధుమరంగు బురద ఊడిపడుతుంది, అందులో పాత యజమాని పసుపు ఎంతో, తుప్పు ఎంతో దేవుడికే ఎరుక. మళ్లీ టాకా వేసి, తొట్టిలో ముంచి గాలి కొడతాడు. బుడగ రాకపోతే పాసైనట్టు. రాగి, ఇత్తడి కనుక ఈ మరమ్మతు సాగుతోంది. ఇప్పటి ప్లాస్టిక్ టాంకీలైతే పారేసి కొత్తది కొనుక్కోమంటారు.

ఇంత సేవ ఎందుకయ్యా, తుక్కుకు వెయ్యరాదా అంటారు కొందరు. 2021లో కేంద్రం ఒక నియమం తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండిని వింటేజ్‌గా నమోదు చేస్తారు, కొత్తగా నంబరు ఇవ్వాల్సి వస్తే అందులో 'వీఏ' అక్షరాలు పెడతారు. మా దొరగారికి ఆ భాగ్యం 2032లో. అప్పటిదాకా కాగకుండా కాపాడుకోవాలి. వివరాలు చదివి వినిపిస్తే మా ఆవిడ శ్రద్ధగా వింది. వింటేజ్ బండి రోజువారీ తిరగకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు, అలాంటి పనులకు మాత్రమే రోడ్డెక్కాలి.

"ఇప్పుడు మాత్రం ఇంకేడికి పోతాంది?" అంది.