పట్టా గంట మాట

నేను ఒక రైలు పట్టా ముక్కని. విశాఖపట్నంలో హార్బరు వైపున్న ఒక ప్రభుత్వ హైస్కూలు వరండాలో, దూలానికి వేలాడుతుంటాను. ఇప్పుడు చాలా బళ్లకు కరెంటు బెల్లు వచ్చింది. మా బడిలోనూ ఉంది. కరెంటు పోయినప్పుడు మాత్రం సుత్తి దెబ్బ నా మీదే పడుతుంది. ఉక్కు నగరంలో ఉన్నాను కదా అని ఇక్కడే పుట్టాననుకుంటారు. విశాఖ ఉక్కు కర్మాగారం కడ్డీలు, తీగచుట్టలు, కట్టడాలకు కావలసిన దూలాలు చేస్తుంది గానీ రైలు పట్టాలు చేయదు. నాలాంటివి ఎక్కువగా భిలాయిలో పుడతాయి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని ఈ రేవుకు దించడానికి 1960లలో కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. అలాంటి లైన్ల మీద బరువు మోయడమే మా జాతి పని. కోసేసిన ముక్కగా బడికి చేరాక నాకు అప్పజెప్పిన పని వేరు, కాలాన్ని పంచడం. ఏ పని ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ఆగాలో నా మోత చెబుతుంది. అందుకే బడిలో ఎవరికి ఎంత కాలం దక్కుతోందో, ఎవరికి దక్కడం లేదో నాకు బాగా తెలుసు. ఆటలు, కళలు, డిజిటల్ చదువు ఒక హైస్కూలు టర్ములో ఎలా ఇమడాలన్న ప్రశ్నకు నా జవాబు అక్కడి నుంచే వస్తుంది. ఈ మూడింటికీ ఉత్తర్వులు వచ్చాయి, ఉత్సవాలు వచ్చాయి, సామాను కూడా కొంత వచ్చింది. ఎవరూ లాక్కోని పీరియడు మాత్రం ఇంకా రాలేదు. అది లేనంతకాలం మిగతావేవీ పిల్లల దాకా చేరవు.

లెక్క కాగితం మీదే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలి. బడికి ఆటస్థలం ఉండాలి. వందమందికి పైగా పిల్లలున్న చోట చిత్రకళకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్‌టైం బోధకులు ఉండాలి. 2020 జాతీయ విద్యావిధానం ఇంకో అడుగు ముందుకేసి, పాఠ్యాంశాలకూ ఆటపాటలకూ మధ్య గట్టి గోడ ఉండకూడదంది. రోజుకు 40 నిమిషాల ఆట పీరియడు వేస్తే 220 రోజులకు దాదాపు 147 గంటలు, అంటే వెయ్యి గంటల్లో ఏడో వంతు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ లెక్కన ఈ ఏడో వంతు కూడా చాలదు. అయినా అంత ఇవ్వడానికే మన బళ్లకు చేయి రాదు. పదో తరగతికి 600 మార్కులున్నాయి, వాటిలో ఆటకు ఒక్క మార్కు లేదు. దసరా సెలవుల తర్వాత పదో తరగతి గేమ్స్ పీరియడ్‌లోకి లెక్కల పాఠం వస్తుంది. పదో తరగతి పరీక్షల కోసం పెట్టే వంద రోజుల ప్రణాళిక మొదలయ్యేసరికి ఆ పీరియడు టైంటేబుల్లో పేరుగా మిగులుతుంది. నేను మోగుతాను, పిల్లలు గదిలోంచి బయటికి రారు. లెక్కల మాస్టారిది తప్పనడం లేదు. ఫలితాల శాతానికి సంజాయిషీ చెప్పుకోవలసింది ఆయనే. పిల్లల ఆట పోయినందుకు మాత్రం ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కరలేదు, చిక్కంతా అక్కడే ఉంది.

ఈ ఊళ్లో ఆ పీరియడు పోతే నష్టం ఎక్కువ. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండలు, మధ్యలో రేవు, నేవీ, రైల్వే, కర్మాగారాలు. కూలి పనికి వచ్చినవాళ్లు కొండవాలు కాలనీల్లో మెట్లమెట్లుగా ఇళ్లు కట్టుకున్నారు. అక్కడ బంతి విసిరితే కింది ఇంటి రేకుల మీద పడుతుంది. ఆ పిల్లలకు చదునైన నేల దొరికేది బడిలోనే. ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కరలేదు. ఎనిమిదో తరగతి దాటాక వీధిలో ఆడుకోనిచ్చే ఇళ్లు తక్కువ. 146 దేశాల లెక్కలతో 2019లో లాన్సెట్ పత్రికల్లో ఒకదానిలో వచ్చిన అధ్యయనం 11 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 81 శాతం మందికి చాలినంత కదలిక లేదని తేల్చింది. మగపిల్లల్లో అది 78 శాతం, ఆడపిల్లల్లో 85 శాతం. ఈ నగరాన్ని పెంచిన పెద్ద సంస్థలకు ఈ అవసరం ఒకప్పుడు బాగానే తెలుసు. 1933లో మొదలైన రేవు తన ఉద్యోగుల పిల్లలకు హైస్కూలు పెట్టింది, ఊరికి స్టేడియం ఇచ్చింది. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని 1966లో జనం ప్రాణాలిచ్చి తెచ్చుకున్న కర్మాగారం క్వార్టర్లతో పాటు ఉక్కునగరంలో బళ్లూ స్టేడియమూ కట్టింది. పనివాడి ఇంటి పిల్లకు పుస్తకంతో పాటు మైదానం కూడా కావాలన్న ఎరుక ఆ కట్టడాల్లో కనిపిస్తుంది.

దానికి ఫలితం ఉందా అంటే, జ్యోతి యర్రాజి ఉంది. విశాఖలో పుట్టి, పోర్టు హైస్కూల్లో చదివిన అమ్మాయి. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఆసుపత్రిలో పారిశుధ్య పని చేసింది. ఆమె పొడుగు చూసి హర్డిల్స్‌కు పనికొస్తుందని మొదట గుర్తించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడే. 2023 జూలైలో బ్యాంకాక్ ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 100 మీటర్ల హర్డిల్స్ బంగారు పతకం గెలిచింది. ఆ ఆగస్టులో చెంగ్డూ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78 సెకన్లతో జాతీయ రికార్డు రాసింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆ పోటీకి దిగిన తొలి భారతీయురాలయింది. ‘లక్షమందిలో ఒక్కరు జ్యోతి అవుతారు, మిగతా పిల్లల గతేమిటి’ అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. నా వాదన పతకం మీద నిలబడలేదు. ఆ అమ్మాయి ఉదాహరణ నాకు కావలసింది ఒక్కందుకే. ఒక మాస్టారు పిల్లలు పరుగెత్తుతుండగా చూడగలిగే సమయం ఆ బడిలో ఉంది. ఆ సమయం లేకపోతే లక్షలో ఒక్కరూ బయటపడరు, మిగతా తొంభైతొమ్మిది వేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది మందికి ఊపిరితిత్తులు నిండే పరుగూ దక్కదు.

తల్లిదండ్రుల మాట ఇంతకంటే బరువైనది. పదిలో మార్కులు వస్తే ట్రిపుల్ ఐటీ సీటు వస్తుంది. నూజివీడులోనో శ్రీకాకుళంలోనో ఆరేళ్లు చదివితే ఇల్లు నిలబడుతుంది. రేవులో ముఠా పని చేసే తండ్రి ఆ ఆశ పెట్టుకుంటే దాన్ని తేలికగా తీసేయడం తప్పు. నేను అడిగేది వేరు: ఆట పీరియడు తీసేస్తే మార్కులు పెరుగుతాయన్నది నిజమేనా? అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2010లో 50 అధ్యయనాలను గుదిగుచ్చి చూసింది. బడిలో వ్యాయామానికీ చదువుకూ మధ్య కనిపించిన సంబంధాల్లో సగం మేలు వైపు ఉన్నాయి, దాదాపు మిగతా సగంలో తేడా లేదు. కీడు కనిపించినవి ఒకటిన్నర శాతమే. అంటే ఆట వల్ల మార్కులు తప్పక పెరుగుతాయని నేను హామీ ఇవ్వలేను. పోతాయన్న భయానికి మాత్రం ఆధారం లేదని చెప్పగలను. ఏమీ పోనప్పుడు, ఒంటికి అంత మేలు చేసే గంటను పిల్లల దగ్గర ఎందుకు లాక్కోవాలి?

ఇక డిజిటల్ చదువు. 2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వ బళ్లలోని ఎనిమిదో తరగతి పిల్లలకు నాలుగున్నర లక్షలకు పైగా ట్యాబులు పంచడం మొదలుపెట్టింది. ఆ తర్వాత తరగతి గదుల గోడలకు తాకే తెరలు, స్మార్ట్ టీవీలు వచ్చాయి. కార్పొరేట్ బడి పిల్లకు దొరికేది ప్రభుత్వ బడి పిల్లకూ దొరకాలన్న ఆలోచన సరైనది, దాన్ని నేను మనసారా సమర్థిస్తాను. వస్తువు చేతికొచ్చినంత మాత్రాన చదువు వస్తుందా అన్నదానికి ప్రపంచం ఇప్పటికే జవాబు చెప్పింది. పెరూ దేశం పల్లె బళ్లలో పిల్లలకు లాప్‌టాప్‌లు పంచింది. 2012లో వెలువడిన మదింపులో లెక్కల్లోనూ భాషలోనూ మెరుగుదల కనిపించలేదు. బళ్లలో కంప్యూటర్లకు భారీగా ఖర్చుపెట్టిన దేశాల్లో చదవడం, లెక్కలు, సైన్సు చెప్పుకోదగ్గంత బాగుపడలేదని ఓఈసీడీ 2015లో రాసింది. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే కార్యక్రమం మీద కార్తీక్ మురళీధరన్ బృందం చేసి 2019లో ప్రచురించిన అధ్యయనం మాత్రం నాలుగున్నర నెలల్లోనే లెక్కలూ హిందీ రెండూ గట్టిగా పెరిగాయని చూపింది. తేడా ఎక్కడ? అక్కడ ప్రతి పిల్లవాడికీ అతని స్థాయికి తగిన పాఠం వచ్చింది. వారానికి ఆరు రోజులు, రోజుకు 90 నిమిషాలు కేటాయించారు, అందులో సగం యంత్రం ముందు, సగం చిన్న గుంపుగా మనిషి దగ్గర. సమయం కేటాయించారు, ఆ సమయంలో ఏం చేయాలో తేల్చారు, పక్కన మనిషిని ఉంచారు. పెరూలో యంత్రం ఇచ్చారు గానీ పాఠంలో దానికి చోటు చూపలేదు.

మన పిల్లలకూ చోటు చూపాలి. అలా చూపకపోతే తెర తన చోటు తానే చూసుకుంటుంది, అదీ ఆట దగ్గరా నిద్ర దగ్గరా లాక్కుని. పల్లె పిల్లల చదువు మీద సర్వే చేసే అసర్ 2024 నివేదిక చూడండి. స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసిన 14–16 ఏళ్ల గ్రామీణ పిల్లల్లో అంతకుముందు వారంలో చదువుకోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. నగరంలో సోషల్ మీడియా వాడకం ఇంతకంటే తక్కువగా ఉంటుందనుకోవడానికి కారణం లేదు. అందుకని ట్యాబు పీరియడుకు మొదటి గంట ఎంత అవసరమో, ఇక చాలు అని చెప్పే రెండో గంట అంత అవసరం.

కళల విషయంలో బడికి ఏటా ఒక రోజు తేరగా దొరుకుతోంది, దాన్ని వాడుకోవడం లేదు. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, గిడుగు రామమూర్తి పుట్టినరోజు. అదే తేదీ ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం. గిడుగు 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేస్తూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు బళ్లు పెట్టించినవాడు. పొద్దున మాట, సాయంత్రం ఆట అన్నట్టు ఒకే రోజున రెంటినీ కలపగల తేదీ అది. చాలాచోట్ల ప్రార్థనలో పది నిమిషాల ఉపన్యాసంతో సరిపెడతారు. ఇక కళ గుర్తొచ్చేది వార్షికోత్సవానికే, దానికి వారం ముందు హడావుడిగా సినిమా పాటకు డాన్సు నేర్పుతారు. సినిమా పాట మీద నాకు కోపం లేదు. వారం రోజుల్లో నేర్చింది వారంలో పోతుందన్నదే నా అభ్యంతరం. గుండెకు తప్పెట కట్టుకుని ఎగిరే తప్పెటగుళ్లు, జముకుల కథ, అరకు ధింసా, ఇవన్నీ ఈ ఉత్తరాంధ్ర సొత్తు. గురజాడ కన్యాశుల్కం 1892లో మొదట ఆడింది పక్కనే ఉన్న విజయనగరంలో. ఒక నాటకం తయారవ్వాలంటే వారానికి రెండు పీరియడ్లు చొప్పున రెండు నెలలు కావాలి. ఆ రెండు నెలల్లో గొంతు పెగలని పిల్ల నలుగురి ముందు నిలబడి మాట్లాడటం నేర్చుకుంటుంది. ఇంగ్లీషు పీరియడూ తెలుగు పీరియడూ కలిసి ఇవ్వలేని ధైర్యం అది. ట్యాబు ఇక్కడే నిజంగా పనికొస్తుంది. పేటలో తప్పెటగుళ్లు ఆడే పెద్దాయన దగ్గరికి నలుగురు పిల్లలు వెళ్లి, ఆయన పాటను వీడియో తీసి, మాటలు రాసుకుని, వేదిక మీద ఆడితే కళ, డిజిటల్, ఒళ్లు వంచే కష్టం మూడూ ఒకే పనిలో కలుస్తాయి. ఈ మూడూ పోటీదారులని ఎవరు చెప్పినా నేను నమ్మను.

మైదానం ఎక్కడుంది, వ్యాయామ ఉపాధ్యాయుడి పోస్టు ఖాళీగా ఉంటే ఎవరు ఆడిస్తారు, పాత పట్నం వైపు బొగ్గు ధూళిలో పిల్లల్ని పరుగెత్తించడం క్షేమమేనా అని అడిగేవారున్నారు. ధూళి నిజమైన ప్రమాదం. దాన్ని తగ్గించాల్సింది రేవు, కాలుష్య నియంత్రణ అధికారులు. అందాకా గాలి బాగాలేని రోజు గదిలో యోగా, చదరంగం, క్యారమ్స్ పెట్టొచ్చు. మైదానం చాలకపోతే తరగతులు వంతులవారీగా దిగొచ్చు. ఖో–ఖోకి, కబడ్డీకి ఎకరాలు అక్కరలేదు. ఉక్కు కర్మాగారంలో ఎ, బి, సి షిఫ్టులు ఒకదాని గంటల్లోకి ఇంకోటి చొరబడవు, అందుకే బ్లాస్ట్ ఫర్నేసు ఆరకుండా నడుస్తుంది. ఆ క్రమశిక్షణ తెలిసిన ఊరు తన పిల్లల టైంటేబుల్లో దాన్ని పాటించలేదా? 2025 జూన్‌లో యోగా దినోత్సవానికి ఈ ఊరి తీరమంతా జనంతో నిండింది. ముందురోజు ఆంధ్ర విశ్వవిద్యాలయ మైదానంలో 22 వేల మందికి పైగా గిరిజన విద్యార్థులు 108 నిమిషాలపాటు సూర్య నమస్కారాలు చేశారు. అంతమంది పిల్లలను ఒకచోట చేర్చి, క్రమంగా నడిపించగల శక్తి మన యంత్రాంగానికి ఉంది. ఆ శక్తిలో కొంత ప్రతి బడి రోజువారీ పీరియడుకు మళ్లాలి.

అమ్మలకూ నాన్నలకూ నా విన్నపం ఇదే. ఈసారి తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు మార్కుల కార్డుతో పాటు తరగతి టైంటేబులు కూడా అడగండి. అందులో ఆటకు, కళకు, ట్యాబుకు పీరియడ్లు ఉన్నాయో లేదో చూడండి. ఉంటే, కిందటి నెల అవి ఎన్నిసార్లు నిజంగా జరిగాయని హెడ్మాస్టరు గారిని అడగండి. మీ పిల్ల పదో తరగతి అయితే ఇంకా గట్టిగా అడగండి.