ఓడెక్కిన కోటు

డోన్‌లో నల్లకోటు తొడిగేవాళ్లు మొన్నమొన్నటిదాకా రెండే రకాలు. కోర్టుకు పోయే వకీళ్లు, రైలెక్కే టీసీలు. ఈ మధ్య మూడో రకం తయారైంది: కొడుకు పుణ్యమా అని అమెరికాలో ఓడెక్కి వచ్చిన మామ. ఇలాంటివాళ్లు తలకాయల లెక్కన తక్కువే. మాటల లెక్కన చూస్తే మాత్రం ఊరంతా వాళ్లే.

ఈయన్ను గుర్తుపట్టడం కష్టమేం కాదు. రైల్వేలో గార్డుగా రిటైరై ఉండొచ్చు, హైస్కూలు హెడ్మాస్టరై ఉండొచ్చు, బేతంచెర్ల దోవలో బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉండొచ్చు. వీళ్లందరికీ డాలస్‌లో సాఫ్ట్‌వేర్ కొడుకు మాత్రం తప్పనిసరి. పొద్దున్నే ఉగ్గాని బజ్జీ హోటల్లో ఎవరు ఏ మాట ఎత్తినా అది తిరిగి తిరిగి ఓడెక్కుతుంది. ఈ ఏడు వాన లేదని ఎవరన్నా అంటే, "మేం పోయిన ఓడలో మిద్దెపైన ఈతకొలను ఉండె" అంటాడు. బుడ్డల ధర పడిపోయిందంటే, "ఆడ ఎంత తిన్నా బిల్లు అడగరప్పా" అంటాడు. అక్కడి నుంచి ఒక గుక్క టీ తాగి అసలు సంగతికి వస్తాడు. దాని పేరు ఫార్మల్ నైట్.

తెలియనివాళ్ల కోసం చెప్పాలి. విహారనౌకల్లో ఏడు రాత్రుల ప్రయాణమైతే మామూలుగా రెండు రాత్రులు ఇలా పేరు పెట్టి విడిగా ఉంచుతారు. ఆ రాత్రి పెద్ద భోజనశాలకు మగవాళ్లు సూటో టక్సీడోనో వేసుకుని, ఆడవాళ్లు పండగ బట్టల్లో రావాలని ఓడవాళ్లు కోరతారు. అంతకుమించి ఏమీ లేదు. తినడానికే. కానీ ఆ రెండు రాత్రుల కోసం మామ డోన్‌లో రెండు నెలలు నిద్ర మానుకున్నాడు.

తప్పు పూర్తిగా ఆయనది కాదు. మాకు సముద్రం రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. ఓడ గురించి మా ఊరికి తెలిసిందంతా 1997లో వచ్చిన టైటానిక్ సినిమా నేర్పిందే. అందులో పై తరగతి భోజనానికి పిలుపు వస్తే హీరోకు కోటుండదు. ఒక పెద్దింటావిడ తన కొడుకు కోసం కొన్నది తీసి తొడిగి పంపుతుంది. ఓడలో అన్నం పెట్టాలంటే ముందు ఒంటిమీద కోటు చూస్తారన్న సంగతి అప్పుడే అందరి మనసులో నాటుకుపోయింది. ఆ ఓడ మునిగిపోయిందన్న సంగతి మాత్రం, వీసా చేతికొచ్చినాక అత్త గుర్తుచేయాల్సి వచ్చింది.

కొడుకు ఫోనులో చెప్పింది రెండు ముక్కలు. "నాన్నా, గాల్వెస్టన్‌లో ఎక్కుతాం, మెక్సికో దాకా పోయొస్తాం. రెండు ఫార్మల్ నైట్లుంటాయి, ఒక మంచి జత తెచ్చుకో." ఈ "మంచి జత" మామ గుండెల్లో రాయి పడేసింది. ఆయనకు మంచి జత లేక కాదు. ఎమ్మిగనూరు నేత పంచె, గంజి పెట్టిన తెల్లచొక్కా వేసుకుని పంచాయితీలో కూర్చుంటే ఎదురు మాట్లాడే మగాడు లేడు. ఆ జత ఓడ తలుపు దగ్గర చెల్లుతుందా లేదా అన్నదే దిగులు.

హోటల్లో చర్చ జరిగింది. ఒకాయన సూటిగా అడిగేశాడు. "రాజశేఖరరెడ్డి పంచెకట్టుతోనే రాష్ట్రాన్ని ఏలినాడు గదా మామా, నీకు అన్నం తినేదానికి కోటెందుకు?"

"ఆయప్ప ముఖ్యమంత్రి రా. నేను ప్యాసింజర్ని."

దీనికి ఎవరి దగ్గరా జవాబు లేదు. నా దగ్గర కూడా లేదు. బట్టల మీద రాసిన ఎన్నో పెద్ద వ్యాసాలు చెప్పలేని మాట అది.

ఇంకొకాయన మాత్రం ఊరుకోలేదు. "మంత్రాలయం పోతే చొక్కా ఇప్పి రమ్మంటారు. శ్రీశైలంలో స్పర్శ దర్శనానికి పంచె కట్టుకో అంటారు. ఓడలో కోటు తొడుక్కో అంటారు. మనం ఇంట్లో ఎట్లుంటామో అట్ల రానిచ్చే తావు యాడన్నా ఉందా?" అన్నాడు. ఉంది, ఆ హోటలే. అక్కడ లుంగీలతో కూర్చునే ఈ మాటలన్నీ మాట్లాడుతున్నారు.

ఆఖరికి మామ టైలరు దగ్గరికి పోయాడు. ఆ టైలరు పోలీసుల ఖాకీ, రైల్వేవాళ్ల తెల్లబట్టలు, బడిపిల్లల యూనిఫాంలు కుట్టి చెయ్యి తిరిగినవాడు. టక్సీడో అన్న మాటకు మాత్రం టేపు మెడలోంచి తీసి బల్లమీద పెట్టేశాడు. మామ సెల్‌ఫోనులో బొమ్మ చూపించాడు. టైలరు అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఇది టీసీ కోటే గదా సామీ, కాలరొక్కటి మెరుస్తాంది" అన్నాడు.

ఆయన చెప్పింది దాదాపు నిజం. మామూలు సూటుకూ దానికీ ఉన్న పెద్ద తేడా ఆ మెరిసే పట్టు కాలరే. పైగా దాని పుట్టుక వింటే మామ కోటు విప్పి కొక్కేనికి తగిలించేవాడు. వెనక తోకలు వేలాడే కోటు తొడుక్కుని రాత్రి భోజనానికి కూర్చోలేక, సుఖంగా ఉంటుందని దొరలు పట్టిన పొట్టికోటు అది. న్యూయార్క్ దగ్గర టక్సీడో పార్క్ అనే చోట 1886లో పెట్టిన క్లబ్బువాళ్లు దాన్ని తొడిగేసరికి అమెరికాలో ఆ పేరే నిలిచిపోయింది. అంటే ఆ కాలానికి అది మన లుంగీ లాంటిది. దానితోపాటు నడుముకు చుట్టే నల్లపట్టీ మరీ చిత్రం. ఇక్కడి ఎండలకు లోపలికోటు తొడగలేక ఇంగ్లీషు అధికారులు మనవాళ్ల నడుంకట్టు చూసి నేర్చుకున్నది. అది సముద్రాలు దాటిపోయి, పెద్దమనిషి తరహాగా మారి, మళ్లీ మామ నడుముకే వచ్చి చుట్టుకుంది.

కోటు తయారైంది. మే నెల, డోన్. బట్ట ఆరేస్తే తీసేలోపు అప్పడమయ్యే ఎండ. ఒంటికి అలవాటు కావాలని, ఒక సాయంత్రం మామ ఆ కోటు తొడుక్కుని స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నాలుగు అడుగులు వేయబోయాడు. మాది జంక్షన్. సికింద్రాబాదు దారి, గుంతకల్లు దారి, నంద్యాల దారి కలిసేచోట నల్లకోటు మనిషి కనబడితే జనం ఊరుకుంటారా? వెయిటింగ్ లిస్టు టికెట్లు పట్టుకుని చుట్టూ మూగారు. "సార్, గుంటూరుకు ఒక్క బెర్త్ చూడండి సార్, ఇంట్లోవాళ్లకు బాగాలేదు." మామ కాదనొచ్చు. కాదనలేదు. టికెట్టు చేతిలోకి తీసుకుని కళ్లజోడు పైకెత్తి చూసి, "చార్టు రానీ, చూద్దాం" అన్నాడు. ఆ క్షణాన కోటు ఆయనకు కుదిరింది.

అత్త తయారీ గురించి రాయడానికి ఎక్కువ లేదు. బీరువా తెరిచి రెండు ధర్మవరం పట్టుచీరలు పెట్టెలో పెట్టి, మూత వేసి, అవతలి పని చూసుకుంది.

ఇస్త్రీపెట్టె కథ మాత్రం చెప్పి తీరాలి. కోటు మడత నలుగుతుందన్న భయంతో మామ డోన్ నుంచే ఇస్త్రీపెట్టె మోసుకుపోయాడు. అమెరికాలో ఇళ్లకు వచ్చే కరెంటు 120 వోల్టులు. మన 230 వోల్టుల పెట్టె అక్కడ గోరువెచ్చగా అయితే గొప్ప. డాలస్‌లో అరగంట రుద్ది చూసి, "ఈ దేశంలో కరెంటుకు సత్తువ లేదు" అని తేల్చేశాడు. అయినా దాన్ని ఓడకు తీసుకుపోయాడు. ఓడల్లో అగ్గి భయం ఎక్కువ కాబట్టి గదిలోకి ఇస్త్రీపెట్టెలు రానివ్వరు. తనిఖీలో పట్టుకుని, చీటీ రాసిచ్చి, దిగేటప్పుడు తీసుకోమన్నారు. మామ ఈ సంగతి ఎవరికీ చెప్పడు. నేను విన్నది అత్త నోట. ఇక్కడి నుంచి కథకు రెండు పాఠాలున్నాయి. హోటల్లో చెప్పే పాఠం మామది, వాకిట్లో చెప్పే పాఠం అత్తది. నేను అత్త పాఠాన్నే నమ్ముతాను.

మామ పాఠంలో మొదటి ఫార్మల్ రాత్రి ఓడంతా నల్లకోట్లే. అత్త పాఠంలో, భోజనశాల తలుపు దగ్గర మామ ఆగిపోయి లోపలికి చూస్తే, సగంమంది మామూలు ప్యాంటు, చేతులు మడిచిన చొక్కాతో తింటున్నారు. టెక్సస్ పెద్దాయన ఒకడు ఆవులు కాసే బూట్లతో వచ్చాడు. కాలం మారింది. నార్వీజియన్ వంటి కంపెనీలు ఫార్మల్ నైట్ గోలే తీసేశాయి. మిగతావాళ్లలో చాలామంది నిక్కర్లు, బనీన్లు, టోపీలు వద్దంటారు, అంతకుమించి పట్టించుకోరు. ఇప్పటికీ పట్టుదలగా ఉన్నది క్వీన్ మేరీ 2 నడిపే కునార్డ్‌వాళ్లు. వాళ్లు కూడా గాలా రాత్రుల్లో టక్సీడో గానీ ముదురురంగు సూటు గానీ అంటూ, దాని పక్కనే ఎవరి దేశపు పండగ బట్టలైనా సరే అంటారు. అంటే మన పంచె ప్రపంచంలోకెల్లా కచ్చితమైన ఓడలోనూ చెల్లుతుంది. ఈ ముక్క కొడుకు ముందే చెప్పి ఉంటే మామకు రెండు నెలల నిద్ర, ఒక కోటు కుట్టుకూలి మిగిలేవి.

దీనికి రుజువు పక్క బల్ల దగ్గరే కూర్చుంది. ఒక తమిళ పెద్దాయన జరీ అంచు వేష్టి, భుజాన అంగవస్త్రంతో వచ్చి, గొప్పగా పెరుగు కోసం అడుగుతున్నాడు. ఆయనతో ఫోటో దిగడానికి తెల్లవాళ్లు వస్తూ పోతూ ఉన్నారు. మామ వైపు వచ్చింది ఒక్క ముసలావిడ. బో టై, నల్లకోటు చూసి, మంచినీళ్లు తెచ్చిపెట్టమని అడిగింది. డోన్‌లో బెర్త్ అడిగారు, గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో నీళ్లడిగారు. మామ గురించి ఒక మంచి మాట ఇక్కడ రాయాలి: ఆయన లేచి తెచ్చి ఇచ్చాడు.

అత్త చీరను మాత్రం నలుగురు ఆడవాళ్లు పట్టి చూశారు. జరీ నిజం వెండా అని ఒకావిడ, మొత్తం ఎన్ని గజాలని ఇంకొకావిడ. అత్తకు ఇంగ్లీషు రాదు. అయినా ధర తప్ప అన్నీ చెప్పానంటుంది.

ఫార్మల్ రాత్రుల్లో ఓడవాళ్లు మెట్ల దగ్గర తెరలు కట్టి ఫోటోలు తీస్తారు. ఒక్కోటి ఇరవై డాలర్లకు పైమాటే. వాళ్లూ ఒకటి కొన్నారు. ఇప్పుడు వాళ్ల హాలులో పెళ్లిఫోటో పక్కనే వేలాడుతోంది. అందులో మామ ఊపిరి బిగబట్టి ఉన్నాడు, అత్త నవ్వుతోంది. భోజనంలో ఏముందని అడిగితే మామ "లాబ్‌స్టర్" అని ఒక్క మాటతో ముగిస్తాడు. ఆ పెంకు ఎట్ల విప్పాలో తెలియక కోటు చేతుల మీద వెన్న పోసుకున్నాడని, ఆఖరికి గదికి పోయి కోటు విప్పి పైఅంతస్తులో బఫే దగ్గర అన్నం, పప్పు వెదుక్కుని తిన్నాడని అత్త చెప్తుంది. బఫేకు ఏ రాత్రీ కోటు అక్కరలేదు. రెండో ఫార్మల్ రాత్రి మామ నేరుగా అక్కడికే పోయాడట. హోటలు పాఠంలో రెండో రాత్రి లేనే లేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఇన్ని జరిగినా, తిరిగొచ్చినాక ఆయన అధికారానికి ఏ లోటూ రాలేదు. ఇప్పుడు డోన్‌లో ఏ రిసెప్షన్ జరిగినా పెళ్లికొడుకు కోటు మీద మామ తీర్పు పడాల్సిందే. "నల్లసూటు మీదికి కాపీరంగు బూట్లేంది నాయనా? ఫార్మల్ నైట్లో అయితే దీన్ని గడప తొక్కనియ్యరు" అంటాడు. పెళ్లికొడుకు భయంగా వాళ్ల నాయన వైపు చూస్తాడు. ఆ నాయన మామ వైపు గౌరవంగా చూస్తాడు. పెళ్లికూతురు పట్టుచీర జోలికి మాత్రం మామ పోడు. ఆ పాఠం నేర్చుకునే వచ్చాడు.

ఆయన గిరాకీ ఇంకా పెరిగే సూచనలే ఉన్నాయి. 2022 జూన్‌లో కార్డీలియా ఓడ విశాఖపట్నం నుంచి బయలుదేరింది. 2023 సెప్టెంబరులో అక్కడ క్రూజ్ టెర్మినల్ కూడా తెరిచారు. ఇక వీసా బాధ లేదు, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే విశాఖ. ఇలా అనుకున్న ప్రతివాడూ ముందు మామ వాకిట్లోకి వస్తున్నాడు. మామ కుర్చీ వేయించి, సూటు రంగు, సాక్సు పొడవు, టై ముడి గురించి గంటసేపు చెప్తాడు. వచ్చినాయన బయటికి పోతుంటే అత్త వంటింట్లోంచి వచ్చి గేటు దగ్గర నిలబెట్టి, "పట్టుపంచె ఒకటి, తెల్లచొక్కా ఒకటి పెట్టుకోపో నాయనా. చలికి శాలువా మర్చిపోవద్దు, లోపలంతా ఏసీ" అంటుంది. నా ఓటు అత్తకే.

అన్నట్టు, కోటు ఇప్పుడు ఊర్లో అరువుకు తిరుగుతోంది. పెళ్లిళ్ల నెలల్లో కావాలనుకునేవాళ్లు రెండు రోజుల ముందే మామకు చెప్పుకోవాలి. బాడుగ లేదు, ఉతకడానికి వీల్లేదు, వెన్న మరకల గురించి అడగకూడదు. ప్యాంటు మాత్రం ఇవ్వరు. ఓడలో ఏడు రాత్రులు తిన్నాక దాన్ని నడుము దగ్గర రెండించులు వదులు చేయించారు, ఇంకెవరికీ నిలవదు.