బిరడాభేదిని: ఒక సీసా పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కృష్ణకు దక్షిణాన, తుంగభద్రకు ఉత్తరాన ఉన్న నడిగడ్డలో, తిక్క వీరేశ్వరస్వామి చల్లని చూపు పడిన అయిజ పట్టణంలో, ఉద్యోగ విరమణ చేసిన తెలుగు పండితులవారొకరు ఉన్నారు. వారి కుమారుడు హ్యూస్టన్‌లో ఉంటాడు. అమ్మానాన్నలను గాల్వెస్టన్ రేవులో ఓడ ఎక్కించాడు. ఓడ వారం తిరిగి అదే రేవుకు వచ్చింది. కొడుకు రెండో వారానికీ అదే ఓడలో, అదే గదిలో టికెట్ కొని ఉంచాడు. ఇలా ఒకదాని వెంట ఒకటి చేసే ప్రయాణాన్ని అక్కడివారు బ్యాక్ టు బ్యాక్ అంటారు. మనం జోడుయాత్ర అందాం. మొదటి వారం చేతిసంచిలో ఒక ద్రాక్షసారా సీసాతో ఎక్కిన పండితులవారు, రెండో వారం మరో సీసాతో గుమ్మం దగ్గర నిలబడ్డారు. అక్కడి కాపలాదారు సీసాను, పండితులను మార్చి మార్చి చూశాడట. అప్పుడు ఆశువుగా వెలువడిన పద్యం ఇది. కాపలాదారుకు తెలుగు రాదు కనుక పద్యం వృథా కాకుండా అయిజ దాకా వచ్చింది.

మూలం

తరికి నొక్క సీస తప్పు గాదండ్రయా
గట్టు దాటి మరల గట్టు నెక్కఁ
దరియు నదియె యైన దరి వేఱె యగుఁ గాన
రెండు సీస లొప్పు రేవురాయ!

ఛందస్సు ఆటవెలది. యతులు చెల్లాయి. కవి గణాలను లెక్కపెట్టినంత జాగ్రత్తగానే సీసాలనూ లెక్కపెట్టాడని గ్రహించాలి.

ప్రతిపదార్థం

రేవురాయ = రేవునకు దొరవైనవాడా! (మెడలో గుర్తింపు కార్డు, చేతిలో స్కానరు కలవాడా అని భావం. ఇక్కడి వాడుకలో ఎక్సైజు ఎస్సై.) తరికిన్ = ఓడకు; ఒక్క సీస = ఒకే ఒక్క సీసా; తప్పు గాదు + అండ్రు + అయా = తప్పు కాదని అంటారు నాయనా. అనేవారెవరు? కర్త లోపించింది. కార్నివాల్, రాయల్ కరీబియన్ మొదలైన ఓడల ఆచార్యులను కర్తగా తెచ్చుకోవాలి. వారి మతంలో మనిషికి 750 మిల్లీలీటర్ల ద్రాక్షసారా సీసా ఒకటి, సీలు ఊడనిది, యాత్ర మొదటినాడు మాత్రమే, తాగే వయసు వచ్చినవారికి చెల్లుతుంది. ఆ వయసు కార్నివాల్ వారికి 21. విస్కీ, బ్రాందీలకు ఈ సూత్రం వర్తించదు. పండితులవారు ఆ సంగతి పద్యంలో దాటవేశారు. నాలుగు పాదాల్లో ఎన్నని ఇరికిస్తారు?

గట్టు దాటి = ఒడ్డుకు దిగి; మరల గట్టు ఎక్కన్ = తిరిగి ఒడ్డు మీదుగా ఎక్కగా. ‘గట్టు’ రెండుసార్లు రావడం పునరుక్తి దోషం కాదా? కాదు. మొదటి గట్టు దిగడానికి, రెండోది ఎక్కడానికి. జోడుయాత్ర చేసేవారిని తెల్లవారగానే ఒకచోట పోగుచేసి, ఓడ దింపి, పాస్‌పోర్టులు చూసి, కొత్త ప్రయాణికులకంటే ముందు మళ్లీ ఎక్కిస్తారు. సామాను గదిలోనే ఉంటుంది. మనిషి మాత్రం దిగాలి. ఈ దిగి ఎక్కడమే పద్యానికి ప్రాణం. ఇది లేకపోతే రెండో సీసాకు తావే లేదు. అయిజ వాళ్లు మాత్రం గట్టు అంటే పక్క మండలమే అని పట్టుబట్టారు. వారి అర్థం కిందికి వస్తుంది.

తరియు + అదియె + ఐనన్ = ఓడ అదే అయినప్పటికీ; దరి వేఱె అగున్ = ఒడ్డు వేరవుతుంది; కానన్ = కాబట్టి; రెండు సీసలు ఒప్పున్ = రెండు సీసాలు న్యాయమే.

తాత్పర్యం

ఓ రేవుదొరా! ఒక యాత్రకు ఒక సీసా అని మీరే రాసుకున్నారు. నేను దిగాను, ఎక్కాను. ఓడ మారలేదు కానీ యాత్ర మారింది. పక్కకు జరుగు.

విశేషాలు

కొలిచెలమ మల్లినాథసూరి మన మెతుకుసీమవాడు. అయిదు మహాకావ్యాలకు టీకలు రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాత ఆ ఒట్టులో రెండో సగానికి బద్ధుడు కాడు.

పూర్వపక్షం: జోడుయాత్ర ఒకటా, రెండా? ఇందులో ద్వైతులున్నారు, అద్వైతులున్నారు. సీసా విషయంలో ఓడలవారు ద్వైతులు. టికెట్లు రెండు, బుకింగ్ నంబర్లు రెండు, గది తెరిచే కార్డు కూడా మారుతుంది, కనుక యాత్రలు రెండు. అయితే మొదటినాడే రెండు వారాల సీసాలు రెండూ తెస్తానంటే ఒప్పుకోరు. ద్వైతంలో జీవుడు జన్మకొక్క దేహమే తెచ్చుకోవాలి. నడుమ ఏదైనా ఊరి రేవులో కొన్న సీసాను గుమ్మంలోనే తీసుకుని భద్రపరుస్తారు. యాత్ర ముగిసేవేళ చేతికిస్తారు. నార్వీజియన్ వారిది పూర్తిగా లోకాయతం. ఎన్నైనా తెచ్చుకో, సీసాకింతని బిరడా రుసుము కట్టు, పరలోకం మాట మాకెందుకు అంటారు.

అమెరికా సర్కారు మాత్రం అద్వైతి. 1886లో ఒక చట్టం చేసింది. పరదేశపు జెండా కట్టిన ఓడ అమెరికాలో ఒక రేవులో ఎక్కించుకున్న మనిషిని, దూరదేశపు రేవును తాకకుండా, అమెరికాలోనే మరో రేవులో దింపరాదు. ఈ ఓడలు చాలావరకు బహామాస్, పనామా జెండాలు కట్టుకు తిరుగుతాయి. ఇప్పుడు లాస్ ఏంజెలిస్ నుంచి వాంకూవర్‌కు ఒక యాత్ర చేశావు. నిర్దోషం. వాంకూవర్ నుంచి అదే ఓడలో సియాటిల్‌కు ఇంకొకటి. అదీ నిర్దోషమే. రెండూ వెంటవెంటనే చేస్తే అపరాధం! సుంకాలవారి కంటికి అది లాస్ ఏంజెలిస్ నుంచి సియాటిల్‌కు ఒకే యాత్ర. నడుమ తగిలిన వాంకూవర్ కెనడాదే కానీ, చట్టం అడిగినంత దూరం కాదు. టికెట్లు రెండంటావా, అది మాయ. జుల్మానా ఓడ మీద పడి, ఓడ నుంచి ప్రయాణికుడి మీదికి జారుతుంది. మరి అదే మనిషి వాంకూవర్‌లో రెండో సీసాతో ఎక్కితే? సీసాకు రెండు యాత్రలు, మనిషికి ఒకటే. శంకరులూ మధ్వులూ ఒకే గదిలో బస చేసినట్టన్నమాట. మన పండితులవారు గాల్వెస్టన్‌లో ఎక్కి గాల్వెస్టన్‌లోనే దిగారు కనుక ఈ చిక్కు వారిని తాకలేదు. వారికి ఆ చట్టం సంగతి తెలియదు కూడా. తెలిస్తే పద్యం ఆగిపోయేదేమో.

పాఠాంతరం

నాలుగో పాదానికి కర్నూలు ప్రతిలో ‘మూఁడు సీస లొప్పు ముల్లెలోన’ అనే పాఠం కనబడుతుంది. మూ, ము యతి చెల్లింది కనుక కేవలం లేఖకదోషమని తోసిపుచ్చలేం. దీని వెనక చరిత్ర ఉంది.

2019 అక్టోబరు నుంచి 2024 అక్టోబరు దాకా ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు మద్యం దుకాణాలు పోయి సర్కారువే నడిచాయి. 2020 మే నెలలో అక్కడ ధర ఒకరోజు 25 శాతం, మర్నాడు ఇంకో 50 శాతం పెరిగింది. ఇవతల తెలంగాణలోనూ పెంచారు గానీ 16 శాతం దగ్గర ఆగారు. అడిగిన సరుకు అప్పట్లో అక్కడ దొరికేది కాదు, దొరికినదాన్ని తాగినవాడు మెచ్చేవాడు కాదు. తుంగభద్రకు ఇవతల పుల్లూరు, అవతల పంచలింగాల చెక్‌పోస్టు, నడుమ జాతీయ రహదారి 44 వంతెన. అలంపూరు చౌరస్తా సంచులు వంతెన దాటాయి. పంచలింగాలలో ఆ సంచులు విప్పారు. ఉల్లిగడ్డల కింద, సీట్ల అడుగున, పాలక్యాన్లలో ఏమేం దొరికాయో ఆనాటి జిల్లా పేపర్లు తిరగేస్తే చాలు.

వ్యవహారం హైకోర్టుకెక్కింది. మనిషికి మూడు సీసాలు అనుమతించే పాత ఉత్తర్వు, జీవో 411, ఒకటుందని వాదన. 2020 సెప్టెంబరులో కోర్టు సరేనంది. మూడు సీసాలు తెచ్చుకోవచ్చు. ‘మూఁడు సీస లొప్పు’ పాఠం ఆ నెలలో పుట్టిందని నా నిర్ణయం. దాని ఆయుర్దాయం తక్కువ. అక్టోబరు ముగిసేలోగా ఆంధ్ర సర్కారు ఉత్తర్వు సవరించి, బయటి రాష్ట్రపు సీసా ఒక్కటైనా పర్మిట్ లేనిదే రాకూడదంది. కవులు ఇంత వేగంగా పద్యం దిద్దుకోలేరు.

ఆ రెండు నెలల సందులోనే మన మూలపద్యపు ప్రశ్న వంతెన మీద నిలబడింది. మూడనేది ఒక మనిషి దగ్గర ఉండదగిన లెక్క. మనిషి పొద్దున మూడు తెచ్చి, ఇంట్లో పెట్టి, సాయంత్రం మళ్లీ మూడు తెస్తే? దరి వేరే అవుతుంది కదా! పొద్దున ఒకసారి చూసిన ముఖాన్నే సాయంత్రమూ చూసిన జవాను, ‘ఏమప్పా, మల్లీ వస్తివా?’ అంటాడు. గాల్వెస్టన్‌లో స్కానరు కొత్త కార్డు చూసి కొత్త యాత్ర అని కూస్తుంది. పంచలింగాలలో జవాను ముఖం చూసి పాత యాత్రే అంటాడు. ఓడల సూత్రం కంటే జవాను చూపే ఎక్కువ అద్వైతమని నా అభిప్రాయం. రోజూ ఒకే వంతెన మీద నిలబడినవాడికి అది సహజం.

అయిజ అర్థం

ఇప్పుడు గట్టు అంటే మండలమే అన్న అయిజవారి వాదం. వీరు ‘తరి’ని ఓడ అని ఒప్పుకోరు. తరి అంటే నీటిపారుదల పొలం, ఖుష్కికి ఎదురు. ‘తరియు నదియె’ అన్నచోట కవి ‘తరియు, నదియె’ అని విడగొట్టమన్నాడట. అంటే తరిపొలమూ, నదీ. శ్లేషకు ఇక్కడ ఆశ్చర్యపడాల్సిన పని లేదు. ఇది గద్వాల సంస్థానపు గాలి, విద్వద్గద్వాల అని పేరు పడ్డ నేల. కృష్ణ వెంట కొంచెం కిందికి పోతే జటప్రోలు. అక్కడి సురభివారి ఆస్థానంలో ఎలకూచి బాలసరస్వతి ఒకే పద్యంలో రాముణ్ణీ కృష్ణుణ్ణీ పాండవులనూ కూర్చి మూడర్థాల కావ్యం రాశాడు. మూడు కథలకు ఒక పద్యం పట్టిన సీమలో మూడు సీసాలకు ఒక సంచి పట్టదా?

ఈ అర్థం ప్రకారం పద్యం రాజోలిబండ మళ్లింపు పథకం మీద. ఆనకట్ట కర్ణాటకలో, కాలువ మొదటి భాగం కర్ణాటకలో, పొలాలు గద్వాల, అలంపూరు సీమల్లో. పాలమూరు వాటా 15.9 టీఎంసీలు, తడవాల్సింది 87,500 ఎకరాలు. ఇదీ దరి మారే సరుకే, దీనికీ కాగితం మీద లెక్క ఉంది. నా అభ్యంతరం ఒక్కటే. సీసా ఒకటి ఎక్కువైతే దింపుకునే రేవురాయడు ప్రతి గట్టునా ఉన్నాడు. నీరు తక్కువైతే ‘మిగతాది ఏదప్పా’ అని ఆపి అడిగే జవాను ఆ కాలువ మీద ఎక్కడ నిలబడ్డాడో చివరి పొలాల రైతుకు ఇంతవరకు కనబడలేదు. అర్థం గంభీరమే. కానీ ‘సీస’కు నీళ్లని అర్థం ఏ నిఘంటువూ ఇవ్వదు గనుక అయిజవారి వాదాన్ని గౌరవించి పక్కన పెడుతున్నాను.

ఇంకొకరు ‘సీస’ అంటే సీసపద్యమే అన్నారు. వెనకటికి కవులు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి, కొల్లాపురం సంస్థానాలు వరసగా తిరిగేవారు. తిరుపతి వేంకటకవులు ఆ దారిన వచ్చినవారే. సంస్థానానికొక సీసం చొప్పున చదివి శాలువా అందుకోవడం మర్యాద. గట్టు దాటాక, రాజు పేరు మార్చి, అదే సీసం మళ్లీ చదవవచ్చునా? తరి అదే, దరి వేరు. పేరు చెప్పదగని చిన్నకవులు ఈ ద్వైతాన్ని ఆశ్రయించే ఉంటారని నా అనుమానం.

ఇక ‘ఓడ’ అర్థాన్ని మన దగ్గరే నిలుపుకుందామంటే, తరి నిజంగా తరిగా ఉన్నచోట్లు రెండు. గద్వాల దగ్గర కృష్ణ నడుమ గుర్రంగడ్డ ఉంది. పుట్టి ఎక్కి దాటాలి. ఆ పుట్టిలో మనిషి, మేక, ఎరువు బస్తా, సైకిల్ అన్నీ ఎక్కుతాయి, సీసాను ఎవరూ అడగరు. సోమశిల నుంచి శ్రీశైలానికి లాంచీ ఉంది. అది నిజమైన విహారనౌకే గానీ దిగేచోటు మల్లన్న క్షేత్రం. అక్కడ మద్యం నిషిద్ధం. కనుక ఆ రేవులో నాలుగో పాదం పూర్తిగా కొట్టివేయాలి.

శంషాబాదు రేవులో మాత్రం పద్యం అక్షరాలా నిలుస్తుంది. విదేశాల నుంచి వచ్చేవారికి కస్టమ్స్ వారు 2 లీటర్లు సుంకం లేకుండా వదులుతారు. 750 చొప్పున రెండు సీసాలు ఒప్పుతాయి, పైన అరలీటరు కొసరు. అదే గోవా నుంచో ఢిల్లీ నుంచో తెస్తే అది మనకు సుంకం కట్టని సరుకు, ఎన్‌డీపీఎల్ అవుతుంది. అమెరికా సీసాకు ఉన్న మర్యాద గోవా సీసాకు లేదు. ఇక్కడ దరి ఎంత దూరమైతే అంత మేలు.

అలంకారం

శ్లేష అని కవి. విరోధాభాసమని నేను. కావ్యలింగమని హైస్కూలు తెలుగు సారు, హేతువు ‘గాన’ అని పైకే వినబడుతోంది కనుక. ఎక్సైజు ఆఫీసులో పద్యం చదివి వినిపిస్తే ఎస్సైగారు శ్రద్ధగా విని, ఇది నేరాంగీకారం అన్నారు. పంచనామా రాసే జవానుకు ఈ తగవు పట్టలేదు. ఆయనది ఎప్పుడూ స్వభావోక్తే: ‘సంచి ఒకటి, నీలిరంగు. అందులో 750 మి.లీ. సీసా ఒకటి, సీలు ఉన్నది. అడగ్గా, రెండోసారి వస్తున్నానని చెప్పినాడు.’